ఓజోన్ పొరకి చిల్లు పెట్టింది మనుషులేనా? అసలు కథ ఎక్కడ మొదలైందంటే

మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ 45 దాటిందంటే చాలు, ఓజోన్ పొరకి చిల్లు పడింది కదండీ అందుకే ఈ మంట అని ఎవరో ఒకరు అనేస్తారు. ఆ చిల్లుకీ ఈ వడగాలికీ సంబంధం లేదు. చిల్లు పడేది అంటార్కిటికా మీద, అది కూడా ఏటా సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకానే, మన నెత్తి మీద ఓజోన్ పెద్దగా తగ్గింది లేదు. ఇంకో బ్యాచ్ దీనికి పూర్తి రివర్స్, మనిషి చేసిందేం లేదు, అగ్నిపర్వతాలు కక్కే క్లోరిన్ ముందు మన ఫ్రిజ్‌లెంత, ఇదంతా కంపెనీల నాటకం అంటారు. ఈ రెండో మాటని మాత్రం ఊరికే కొట్టిపారేయలేం, ఒకప్పుడు సైంటిస్టులే ఆ ప్రశ్న సీరియస్‌గా వేసుకున్నారు, జవాబు గట్టిగా తేలడానికి 1987 దాకా పట్టింది.

1920ల్లో అమెరికాలో ఇంట్లో ఫ్రిజ్ పెట్టుకోవాలంటే భయం. లోపల తిరిగేది అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ లాంటివి, రాత్రిపూట పైపు లీకై మనుషులు పోయిన కేసులున్నాయి. అప్పుడు జనరల్ మోటార్స్ కోసం పనిచేసే థామస్ మిడ్‌గ్లీ టీమ్ 1928లో సీఎఫ్‌సీ (క్లోరోఫ్లోరోకార్బన్, అంటే క్లోరిన్, ఫ్లోరిన్, కార్బన్ కలిసిన గ్యాస్) తయారుచేసింది, మార్కెట్లో పేరు ఫ్రియాన్. 1930లో కెమిస్టుల మీటింగ్‌లో మిడ్‌గ్లీ ఆ గ్యాస్‌ని గుండెల నిండా పీల్చి కొవ్వొత్తి మీదకి ఊది ఆర్పేశాడు, అంటే ఇది విషమూ కాదు, అంటుకోదు కూడా అని. (పెట్రోల్‌లో సీసం కలపడం కూడా ఈయన చలవే, ఒకే మనిషి చేతి నుంచి ఇన్ని వచ్చాయి.) ఆ తర్వాత ఫ్రిజ్, ఏసీ, స్ప్రే డబ్బా, పరుపుల ఫోమ్, ఎలక్ట్రానిక్స్ క్లీనింగ్, అన్నిట్లోకీ అదే వెళ్లింది. దేనితోనూ కలవదు, చెడిపోదు, వానకి కరగదు. కొంప ముంచింది ఆ గుణమే.

వదిలిన గ్యాస్ ఎటు పోతోందని చాలాకాలం ఎవరూ అడగలేదు. 1971లో బ్రిటిష్ సైంటిస్ట్ జేమ్స్ లవ్‌లాక్ తాను కనిపెట్టిన డిటెక్టర్ పట్టుకుని షాకిల్టన్ అనే ఓడెక్కి అంటార్కిటికా వైపు వెళ్తూ దారి పొడవునా గాలి చూస్తే, నడిసముద్రంలో కూడా సీఎఫ్‌సీ తగిలింది. దీనివల్ల ప్రమాదమేమీ లేదని కూడా ఆయనే రాశాడు. కాలిఫోర్నియాలో షెర్వుడ్ రోలండ్, మారియో మొలీనా అనే కెమిస్టులు అక్కడ ఆగలేదు, కింద విరగని పదార్థం ఎప్పటికైనా పైకి చేరుతుంది, పైన అల్ట్రావయొలెట్ కిరణాలకి విరుగుతుంది, అప్పుడు బయటపడే ఒక్క క్లోరిన్ పరమాణువు తాను అరిగిపోకుండా లక్ష దాకా ఓజోన్ అణువులని తినేయగలదు అని 1974లో పేపర్ వేశారు. కంపెనీలు గోల చేశాయి, ఇది లెక్కల్లోని ఊహే, ఆధారం చూపించండి అన్నాయి. నిజం చెప్పాలంటే అప్పటికి అది ఊహే. అయినా 1978లో అమెరికా స్ప్రే డబ్బాల్లో సీఎఫ్‌సీ చాలావరకు ఆపేసింది, ఆ తర్వాత మళ్లీ అందరూ చల్లబడ్డారు.

గాలి కంటే బరువైన గ్యాస్ పైకెలా పోతుంది అనే ప్రశ్న ఇప్పటికీ వస్తుంటుంది. దానికి జవాబు చెప్పిన కొలతల్లో కొన్ని మన హైదరాబాద్ నుంచి చేసినవే. ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది (2022లో వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగిన వింత డబ్బాని జనం ఏలియన్స్ వాహనం అనుకున్నారే, అది కూడా ఇక్కడి నుంచి లేచిందే). 1987లో, 1990లో అహ్మదాబాద్‌లోని పీఆర్ఎల్ పరిశోధనశాల వాళ్లు, జర్మన్లు కలిసి ఇక్కడి నుంచి బెలూన్లు వదిలి ఒక్కో ఎత్తులో గాలిని గడ్డకట్టించి సీసాల్లో పట్టారు. కింద అంతటా సీఎఫ్‌సీ ఇంచుమించు ఒకే మోతాదులో ఉంది, ఓజోన్ పొర ఉండే పై అంతస్తు, అంటే స్ట్రాటోస్ఫియర్‌లోకి వెళ్లే కొద్దీ తగ్గిపోతూ వచ్చింది, అంటే అక్కడిదాకా చేరుతోంది, చేరి విరుగుతోంది. గాలి కలిసిపోయే చోట బరువు లెక్కలోకి రాదు.

అసలు షాక్ 1985 మేలో. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వాళ్లు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు, అంటార్కిటికాలోని హాలీ బే స్టేషన్‌లో 1957 ప్రాంతం నుంచి ఒకే రకం పాత పరికరంతో కొలుస్తూ వస్తున్న రికార్డు బయటపెట్టారు. అక్టోబర్‌లో 300 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్‌ని కొలిచే లెక్క) దగ్గర ఉండాల్సిన ఓజోన్ 200 దాకా పడిపోయింది. రోలండ్ కూడా ఇంత ఊహించలేదు.

అప్పుడు మూడు వాదాలు. సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లే తింటున్నాయని ఒకరు, ఓజోన్ తక్కువున్న గాలి కింద నుంచి పైకి లేస్తోంది అంతే, నష్టమే లేదని ఒకరు, కాదు సీఎఫ్‌సీ క్లోరినే అని ఇంకొకరు. ధ్రువం మీద చలికాలంలో మైనస్ 78 డిగ్రీల కిందికి పడిపోతే పుట్టే మంచు మేఘాల మీద క్లోరిన్ రెచ్చిపోతుందని, ఎండ తిరిగి రాగానే పని మొదలెడుతుందని అమెరికన్ సైంటిస్ట్ సూసన్ సాలమన్ వాళ్లు చెప్పారు. 1987లో నాసా గూఢచారి విమానం లాంటి ఈఆర్-2ని చిలీలోని పుంటా అరీనాస్ నుంచి నేరుగా ఆ చిల్లులోకి పంపింది. క్లోరిన్ ఓజోన్‌ని తిన్నప్పుడు పుట్టే క్లోరిన్ మోనాక్సైడ్ గీత ఎక్కడ పైకి లేచిందో సరిగ్గా అక్కడే ఓజోన్ గీత కిందికి పడింది. నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగాల్సింది పోయి తగ్గాయి, గాలి పైకి లేస్తున్న గుర్తులూ లేవు. మిగతా రెండు వాదాలూ అక్కడితో సరి.

మరి అగ్నిపర్వతాలు? అవి కక్కే హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో ఇట్టే కరుగుతుంది, చాలావరకు వానతో కిందికే వస్తుంది. స్ట్రాటోస్ఫియర్ క్లోరిన్ పెరిగిన తీరు కూడా పేలుళ్లతో ఎగిరెగిరి పడలేదు, సీఎఫ్‌సీ అమ్మకాల వెనకే మెల్లగా ఎక్కింది. సముద్రం నుంచి సహజంగా వచ్చే మిథైల్ క్లోరైడ్ ఉంది, కాదనట్లేదు, కానీ పీక్‌లో ఉన్నప్పుడు పైనున్న క్లోరిన్‌లో ఐదింట నాలుగు వంతులకి పైనే మనిషి చేసిందే. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినాటుబో అగ్నిపర్వతం పేలాక ఓజోన్ ఇంకా తగ్గిన మాట నిజమే, కాకపోతే ఆ గంధకపు తుంపర్లు ఆల్రెడీ ఉన్న మన క్లోరిన్‌కి చోటిచ్చాయి అంతే.

మనిషే అని తేలింది సరే, ఏ మనిషి అన్నది ఇంకో గొడవ. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్‌లో సీఎఫ్‌సీలని తగ్గించాలని దేశాలు ఒప్పందం రాసుకున్నప్పుడు ఇండియా, చైనా చేరలేదు, కోపమూ న్యాయమైనదే, వాడింది చాలావరకు ధనిక దేశాలు, ఆపమనేది అందరినీ. 1990లో లండన్ సమావేశంలో అప్పటి మన పర్యావరణ మంత్రి మేనకా గాంధీ డబ్బూ టెక్నాలజీ ఇస్తేనే అని పట్టుబట్టారు, అక్కడే పేద దేశాలకి సాయం చేసే మల్టీలేటరల్ ఫండ్ పుట్టింది, 1992లో మనం చేరాం. తలసరి 0.3 కిలోల లోపు వాడే దేశాలకి పదేళ్ల గడువిచ్చారు, మన వాడకం దానికి ఎంతో కింద. 1990లలో ఈ ఒప్పందం పనులు చూసే ఓజోన్ సెక్రటేరియట్‌ని నడిపింది కూడా మన ఐఏఎస్ అధికారి కె. మాధవ శర్మే. 2008 ఆగస్టులో ఇండియా సీఎఫ్‌సీ తయారీ ఆపేసింది, ఆస్తమా ఇన్‌హేలర్లకి మాత్రం కొంత మినహాయింపు.

ఇంకా డౌటుంటే 2018 చూడండి. 2012 తర్వాత సీఎఫ్‌సీ-11 అనే రకం తగ్గాల్సినంత తగ్గట్లేదని గాలి కొలిచేవాళ్లు పసిగట్టారు, ఆచూకీ తీస్తే చాలావరకు తూర్పు చైనాలో దొంగచాటు వాడకం, అక్కడ దాడులు మొదలయ్యాక అది మళ్లీ పడిపోయింది. ఇప్పటి అంచనా ప్రకారం అంటార్కిటికా మీద పొర 1980 నాటి స్థాయికి రావడానికి 2066 ప్రాంతం అవుతుంది, ఎందుకంటే పాత సీఎఫ్‌సీలు గాలిలో యాభై నుంచి వందేళ్లు బతుకుతాయి. ఇక పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్ కూడా ఓజోన్‌ని తినేదే, కాకపోతే తక్కువ, కొత్త ఏసీల్లో అది పోయి ఆర్-32 వచ్చింది. పాతవాటికి మాత్రం ఇప్పటికీ గ్యాస్ పట్టిస్తూనే ఉన్నారు, పట్టించే ముందు లోపల మిగిలింది సిలిండర్‌లోకి లాగే మెషీన్ ఉంటే లాగుతారు, లేకపోతే వాల్వ్ తిప్పి బాల్కనీలోంచి గాల్లోకి వదిలేస్తారు.