ఉగాది దాటితే ఎండే సిరా, రథయాత్ర నాటికి మెత్తబడే కాగితం

ఇంక్‌జెట్ ప్రింటర్‌లో పోసే సిరా రెండు పనులు చేయాలి. ప్రింటర్ లోపల ఉన్నంతకాలం ఎండకూడదు, కాగితం మీద పడ్డాక వెంటనే ఎండిపోవాలి. సిరాలో ఎక్కువ భాగం నీళ్లే. అవి తొందరగా ఆవిరి కాకుండా గ్లిజరిన్, గ్లైకాల్ లాంటివి కలుపుతారు. అవి ఎక్కువైతే అక్షరాలు అలుక్కుపోతాయి, తక్కువైతే సిరా లోపలే గడ్డకడుతుంది. ఇంట్లో ప్రింటర్ పెట్టే పేచీల్లో సగానికి పైగా ఈ నీళ్ల లెక్క తప్పడం వల్ల వచ్చేవేనని నా నమ్మకం.

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో ఈ లెక్క ఏడాదికి రెండుసార్లు తలకిందులవుతుంది. ఉగాది దాటి ఎండలు ముదిరితే సిరా ఎండిపోతుంది. రథయాత్రకి వానలు పడితే కాగితం మెత్తబడుతుంది. అందుకే ప్రింటర్ మొరాయించినప్పుడు ఇది ఏ నెల అని ముందు గుర్తుచేసుకోవడం మంచిది.

సిరా చుక్క ఎలా బయటికి వస్తుందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. సిరా చిమ్మే భాగమైన ప్రింట్ హెడ్ అడుగున వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలు వరసగా వందల సంఖ్యలో ఉంటాయి. వాటినే నాజిల్స్ అంటారు. ఒక్కో నాజిల్ నుంచి వచ్చే చుక్క కొద్ది పికోలీటర్లు మాత్రమే. పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్ల వంతు. అంత చిన్న చుక్కను విసరడానికి రెండు పద్ధతులున్నాయి. కానన్, హెచ్‌పీ ప్రింటర్లలో నాజిల్ వెనక చిన్న హీటర్ ఉంటుంది. అది సెకనులో కొన్ని లక్షల వంతుల కాలంలోనే సుమారు 300 డిగ్రీలకు వేడెక్కుతుంది. దాన్ని తాకిన సిరా పొర ఆవిరి బుడగగా ఉబ్బి ముందున్న చుక్కను బయటికి నెడుతుంది. 1977లో జపాన్‌లోని కానన్ ప్రయోగశాలలో, కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ సిరా నింపిన సిరంజి సూదికి తగిలి సిరా చిమ్మింది. ఈ పద్ధతికి ఆలోచన అక్కడ పుట్టింది. ఇంచుమించు అదే కాలంలో హెచ్‌పీ ఇంజనీర్లు కూడా విడిగా ఇదే దారి పట్టి, 1984లో థింక్‌జెట్ అనే ప్రింటర్ తెచ్చారు.

ఎప్సన్‌ది రెండో పద్ధతి. అందులో వేడి ఉండదు. కరెంటు తగిలితే ఆకారం మారే పీజో పదార్థం నాజిల్ వెనక గదిని నొక్కుతుంది, చుక్క బయటికి వస్తుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. ఇక్కడ జరిగేది దానికి తిరగేసిన పని.

ఈ తేడా మరమ్మతు దగ్గర బాగా పనికొస్తుంది. కార్ట్రిడ్జ్ (సిరా డబ్బీ) మార్చే కానన్, హెచ్‌పీ చిన్న ప్రింటర్లలో చాలావాటికి నాజిల్స్ కార్ట్రిడ్జ్ అడుగునే ఉంటాయి. మూసుకుపోతే కార్ట్రిడ్జ్ తీసి, గోరువెచ్చని నీళ్లతో తడిపిన మెత్తటి నూలు గుడ్డ మీద నాజిల్ వైపు రెండు నిమిషాలు ఆనించి ఉంచితే చాలాసార్లు తెరుచుకుంటాయి. మరీ మొండికేస్తే కొత్త కార్ట్రిడ్జ్‌తో కొత్త హెడ్ కూడా వచ్చినట్టే. రాగి రంగులో మెరిసే కాంటాక్టులకు మాత్రం చెయ్యి గానీ తడి గానీ తగలనివ్వకండి. ఎప్సన్ ప్రింటర్లలో హెడ్ లోపలే బిగించి ఉంటుంది. అది పాడైతే ఖర్చు ఎక్కువ కాబట్టి ముందు జాగ్రత్త తప్పదు.

ఆ జాగ్రత్తల్లో అన్నిటికన్నా పెద్దది స్విచ్ సంగతి. ప్రింట్ అయిపోయాక హెడ్ కుడివైపు చివరకు వెళ్లి ఒక రబ్బరు గిన్నె మీద కూర్చుంటుంది. పెన్నుకు మూత పెట్టినట్టు నాజిల్స్‌కు గాలి తగలకుండా ఆ గిన్నె కాపాడుతుంది. ప్రింటర్ మీది పవర్ బటన్ నొక్కి ఆపితే హెడ్ అక్కడికి పద్ధతిగా చేరాకే ప్రింటర్ ఆగుతుంది. మనలో చాలామంది గోడ మీది స్విచ్ తీసేస్తారు. హెడ్ దారిలో ఉండగా అలా తీస్తే రాత్రంతా నాజిల్స్ తెరిచే ఉంటాయి. మే నెల వేడిలో అదే చాలు. ప్రింట్ మధ్యలో కరెంటు పోయినా ఇదే జరుగుతుంది. కరెంటు రాగానే ప్రింటర్ ఒకసారి ఆన్ చేసి, హెడ్ కదలడం ఆగాక బటన్‌తో ఆపేయండి. ఎండాకాలంలో వారానికి ఒక రంగుల పేజీ తీయడం కూడా మంచి అలవాటు.

అక్షరాల మధ్య తెల్లని గీతలు వస్తే ప్రింటర్ సెట్టింగ్స్‌లో ఉండే నాజిల్ చెక్ అనే పరీక్ష చేయండి. కాగితం మీద మెట్లు మెట్లుగా చిన్న గీతల గడులు వస్తాయి. వాటిని వెలుతురులో దగ్గరగా పట్టుకుని చూడండి. ఏ రంగు గడిలో గీత తెగిందో ఆ రంగు నాజిల్ మూసుకుపోయింది. ఏదైనా రంగు గడి మొత్తం ఖాళీగా ఉంటే, సిరా ట్యాంకులో పోసే ప్రింటరైతే, ట్యాంకులో సిరా కింది గీత కంటే దిగిపోయి పైపులోకి గాలి చేరిందేమో చూసుకోవాలి. పసుపు రాకపోతే పెళ్లి ఫొటోలో కుంకుమ గులాబీ రంగులోకి పోతుంది, మామిడి తోరణం నీలంగా కనిపిస్తుంది. సయాన్ (లేత నీలం సిరా) రాకపోతే అదే తోరణం పండుటాకులా పసుపు రంగులోకి మారుతుంది. ఫొటో చూసి ఏ రంగు లోపించిందో చెప్పడం నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది.

మూసుకుపోయిన నాజిల్స్‌ను సిరాతో కడిగే హెడ్ క్లీనింగ్ రెండు మూడుసార్లు చేసి ఆగిపోండి. పది పదిహేనుసార్లు చేసేవాళ్లు సిరా పారబోసుకుంటున్నట్టే. బటన్‌తో ప్రింటర్ ఆపి రాత్రంతా వదిలేస్తే గడ్డకట్టిన సిరా కొత్త సిరాలో నాని మెత్తబడుతుంది, లోపలి గాలి బుడగలూ పైకి చేరతాయి. పొద్దున మళ్లీ నాజిల్ చెక్ చేస్తే తేడా తెలుస్తుంది. నల్ల రంగు ఎక్కువ మొండికేసిందంటే అది పిగ్మెంట్ సిరా అయి ఉండొచ్చు. డై సిరాలో రంగు నీళ్లలో కరిగి ఉంటుంది. పిగ్మెంట్‌లో రంగు కరగని అతి సన్నని రేణువులుగా తేలుతుంటుంది. ఒకసారి ఎండితే వదలదు. అందుకే కాగితం మీద అది వానకు కూడా తట్టుకుంటుంది. డైతో తీసిన ధ్రువపత్రం కాపీ మీద నాలుగు చినుకులు పడితే చాలు, అక్షరాలు కారిపోతాయి.

ఇక వానాకాలం. రాయగడ పక్కన జేకేపూర్‌లో 1962లో పెట్టిన పేపర్ మిల్లు ఉంది. ఇటు ఒడిశా రైతులు, అటు ఉత్తరాంధ్ర రైతులు వేసిన నీలగిరి, సరుగుడు, సుబాబుల్ కలప అక్కడ గుజ్జుగా మారి కాపీయర్ కాగితమవుతుంది. ఏ మిల్లులోనైనా ఇలాంటి కాగితాన్ని సుమారు 5 శాతం తేమ మిగిలేలా ఆరబెట్టి, తేమ చొరబడని రేపర్‌లో కడతారు. రేపర్ చించి బల్ల మీద వదిలేస్తే, గాలిలో తేమ 80 శాతం దాటే రోజుల్లో కాగితం ఆ తేమను పీల్చుకుంటుంది. కలప పీచు తడిస్తే అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా పెద్దగా పెరగదు. కట్ట అంచులు ముందుగా ఉబ్బుతాయి కాబట్టి కాగితం అలలు తిరుగుతుంది. షీట్లు ఒకదానికొకటి అంటుకుని రెండు మూడు కలిసి లోపలికి పోతాయి, జామ్ అవుతాయి. మిల్లు ఉన్న ఊళ్లోనే కాగితం పాడవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మిగిలిన కట్టను రేపర్‌తో సహా మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ట్రేలో ఆ రోజుకు కావలసినన్ని షీట్లే పెట్టి, పెట్టేముందు కట్టను విదిలించండి. కాగితం బాగున్నా లోపలికి లాక్కోకపోతే రబ్బరు రోలర్ మీద కాగితపు దుమ్ము పేరుకుని ఉంటుంది. ప్రింటర్ ప్లగ్ తీసి, కొద్దిగా తడిపిన గుడ్డతో రోలర్‌ను తిప్పుతూ తుడిస్తే పట్టు తిరిగొస్తుంది. జామ్ అయిన కాగితాన్ని అది వెళ్లే దిశలోనే రెండు చేతులతో మెల్లగా లాగాలి. చిరిగితే ముక్కలన్నీ చేర్చి చూడండి. గోరంత ముక్క లోపల మిగిలినా మళ్లీ జామే. అదే సమయంలో హెడ్ వెనక అడ్డంగా సాగిన సన్నని ప్లాస్టిక్ పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాని మీద కంటికి సరిగా ఆనని గీతలుంటాయి. హెడ్ తాను ఎక్కడుందో ఆ గీతలు లెక్కపెట్టి తెలుసుకుంటుంది. దానికి సిరా గానీ గ్రీజు గానీ అంటితే హెడ్ దారి తప్పి టకటకా గోడకు కొట్టుకుంటుంది. మరక లేకపోతే ఆ పట్టీ జోలికి వెళ్లకండి. మరక కనిపిస్తే పొడి మెత్తటి గుడ్డతో సుతారంగా అద్దండి.

కొన్ని ఇబ్బందులకు ప్రింటర్‌తో సంబంధమే ఉండదు. నాజిల్ చెక్ శుభ్రంగా వచ్చి, తెలుగు, ఒడియా అక్షరాలు మాత్రం పిచ్చిగీతల్లా వస్తున్నాయంటే ఫాంట్ గొడవే. అను, ఆకృతి లాంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో సరిగా తెరుచుకోదు. టైపు చేసినవాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమనండి. పీడీఎఫ్ కూడా చెడిపోయి ప్రింటవుతుంటే అడోబ్ రీడర్‌లో ప్రింట్ నొక్కాక వచ్చే అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ టిక్ చేయండి. వైఫైలో ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంటే ఫోన్, ప్రింటర్ రెండూ ఒకే రౌటర్‌లో ఉన్నాయో లేదో చూడాలి. చాలా ఇంటి ప్రింటర్లు రౌటర్ ఇచ్చే వైఫై సిగ్నళ్లలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌నే పట్టుకుంటాయి.

క్లీనింగ్‌లో పోయిన సిరా ఎక్కడికి వెళ్తుందో కూడా తెలుసుకోవాలి. ఎప్సన్ లాంటి చాలా ప్రింటర్లలో అడుగున స్పాంజి లాంటి ప్యాడ్ ఉంటుంది. ప్రతి క్లీనింగ్‌కు ఎంత సిరా అందులోకి పోయిందో ప్రింటర్ లెక్క రాసుకుంటుంది. లెక్క నిండగానే లైట్లు మిణుకుమిణుకుమంటూ ప్రింటింగ్ ఆగిపోతుంది. కౌంటర్‌ను సున్నా చేసే సాఫ్ట్‌వేర్ ఉందని ఎవరైనా చెబితే, ప్యాడ్ కూడా మారుస్తున్నారా అని అడగండి. మార్చకుండా లెక్క ఒక్కటే సున్నా చేస్తే ప్యాడ్ పొంగి సిరా బల్ల మీదికి కారుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో ఈ ప్యాడ్ విడి పెట్టెగా వస్తోంది. స్క్రూ విప్పి మనమే మార్చుకోవచ్చు. కొనేముందు షాపువాణ్ణి ఈ ఒక్క సంగతి తప్పకుండా అడగండి.