వణుకుకు మందు ఉంది, లెక్క కుదరాలి

1960ల మధ్యకు వచ్చేసరికి లెవోడోపా మీద చాలామంది డాక్టర్లకు ఆశ సన్నగిల్లింది. ఇవాళ వణుకు, బిగుసుదనం తెచ్చే పార్కిన్సన్స్ జబ్బుకు ప్రపంచమంతటా ముందు గుర్తొచ్చే మందు అదే. మధ్యలో కొత్త పదార్థమేదీ దొరకలేదు. ఇచ్చే పద్ధతి మారింది, అంతే. ఆ పద్ధతిని మార్చిన జార్జ్ కొట్జియాస్ గురించి మనవైపు పెద్దగా ఎవరూ చెప్పుకోరు. ఆదిలాబాద్, వరంగల్ వాళ్లు మాత్రం చెప్పుకోవాల్సిన మనిషే.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగులను గమనించి ఈ జబ్బు గురించి రాశాడు. మెదడులో ఏం తగ్గడం వల్ల ఇది వస్తుందో తెలియడానికి ఇంకో నూట నలభై ఏళ్లు పట్టింది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. మన సర్పగంధ వేరులోంచి తీసిన మందే అది, అప్పట్లో బీపీకి వాడేవాళ్లు. కుందేళ్లు కదలకుండా కూలబడ్డాయి. డోపా (ఇందులో పనిచేసే రూపమే లెవోడోపా) ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే లేచి తిరిగాయి. కదలికలను నడిపించడానికి మెదడు వాడే రసాయనం డోపమిన్. రిసర్పిన్ దాని నిల్వలను ఖాళీ చేస్తే, డోపా లోపలికి పోయి డోపమిన్‌గా మారి ఆ లోటు తీర్చింది. డోపమిన్‌నే నేరుగా ఎక్కిస్తే సరిపోదా అంటే, అది రక్తంలోంచి మెదడులోకి పోలేదు. 1960లో వియన్నాలో ఓలె హోర్నికీవిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లు పరీక్షించి డోపమిన్ బాగా పడిపోయిందని తేల్చాడు. మరుసటేడు అక్కడే బిర్క్‌మేయర్ అనే డాక్టర్ రోగుల నరంలోకి లెవోడోపా ఎక్కిస్తే, మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు.

కొద్ది గంటలే. తర్వాత మళ్లీ మామూలే. మిగతా చోట్ల డాక్టర్లు చిన్న చిన్న డోసులతో ప్రయత్నించారు. కొందరికి గుణం కనిపించింది, కొందరికి ఏమీ లేదు. డోసు పెంచితే వాంతులు, కళ్లు తిరగడం. ఇది తేలే వ్యవహారం కాదని చాలామంది వదిలేశారు.

కొట్జియాస్ గ్రీసులో పుట్టి, యుద్ధకాలంలో అమెరికా చేరి, బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో స్థిరపడ్డాడు. ఆయన పార్కిన్సన్స్ వైపు వచ్చింది మాంగనీస్ దారిలో. చిలీ దేశంలో మాంగనీస్ గనుల కార్మికులు కొందరికి ముఖంలో కదలిక పోయి, ఒళ్లు బిగుసుకుపోయి, మునివేళ్ల మీద నడిచే వింత నడక వచ్చేది. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చినందుకు. ఆదిలాబాద్ దగ్గర పెన్‌గంగ రాళ్లలో ఉన్నదీ ఈ మాంగనీస్ ఖనిజమే. మట్టిలో ఉన్నంతసేపు దానితో పేచీ లేదు. తవ్వి, పగలగొట్టి, దుమ్ము చేసినప్పుడే ప్రమాదం. ఆ దెబ్బ మెదడులో పార్కిన్సన్స్ తగిలే చోటే తగలదు, కాస్త పక్కన తగులుతుంది. అందుకే దానికి లెవోడోపా అంతంత మాత్రంగానే పనిచేస్తుందని తర్వాత తెలిసింది. కానీ ఆ కార్మికులను చూసినందువల్లే ఆయన బుర్ర ఇటు తిరిగింది.

తిరిగింది కూడా తప్పు లెక్కతోనే. పార్కిన్సన్స్ రోగుల మెదడులో నల్లగా ఉండాల్సిన ఒక చిన్న భాగం తెల్లబారుతుంది. ఆ నలుపు రంగును తిరిగి నింపితే జబ్బు తగ్గుతుందని ఆయన అనుకున్నాడు. అందుకని ముందు చర్మానికి రంగు తెచ్చే హార్మోన్ ఇచ్చి చూశాడు. రోగుల ఒళ్లు నల్లబడింది, వణుకు ఇంకా పెరిగింది! డోపా నుంచి కూడా రంగు తయారవుతుంది కాబట్టి తర్వాత దాన్ని పట్టుకున్నాడు. ఇక్కడే ఆయన గొప్పతనమంతా ఉంది. అందరిలా చిన్న డోసు ఇచ్చి, పని చేయలేదని చేతులు దులుపుకోలేదు. కొంచెంతో మొదలుపెట్టి, ఒళ్లు అలవాటు పడేకొద్దీ వారాల తరబడి పెంచుకుంటూ పోయాడు. కొందరికి రోజుకు 16 గ్రాముల దాకా వెళ్లాడు. 1967లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 8 మందికి స్పష్టమైన గుణం కనిపించింది. వాడిన పొడిలో సగం పనికిరాని రూపం, పైగా కొందరి రక్తకణాలు తగ్గాయి. దాంతో అసలు పనిచేసే లెవోడోపా ఒక్కదాన్నే తీసుకుని 1969లో మళ్లీ చూపించాడు. సిద్ధాంతం తప్పినా వైద్యం నిలిచింది. నన్నడిగితే వైద్య చరిత్రలో ఇలాంటివి మనం ఒప్పుకునేదానికంటే ఎక్కువే ఉంటాయి.

మరి గ్రాముల్లో మింగిన మందు ఇప్పుడు మిల్లీగ్రాముల్లోకి ఎలా వచ్చింది? మింగిన లెవోడోపాలో ఎక్కువ భాగం మెదడు చేరకముందే ఒంట్లో డోపమిన్‌గా మారిపోతుంది, వాంతులకు కారణం అదే. దాన్ని దారిలో మారనివ్వకుండా ఆపేది కార్బిడోపా. రెండూ కలిపిన గోలీలు 1970లలో వచ్చాయి. మన మెడికల్ షాపుల్లో 110 అని, 125 అని దొరుకుతాయి. రెండింట్లోనూ లెవోడోపా 100 మిల్లీగ్రాములే. కార్బిడోపా మాత్రం ఒకదాంట్లో 10, ఇంకోదాంట్లో 25. కార్బిడోపా సరిగా కాపు కాయాలంటే రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములు పడాలి. 110 గోలీ మూడుపూటలా వేస్తే 30 అవుతుంది, 125 అయితే 75. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు వికారం ఎక్కువైతే, డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

అడగకుండా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే అసలు టెన్షన్ మొదలవుతుంది. వాంతులకు మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుంటుంది, అంటే ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కోవడమే. మెదడులోకి పెద్దగా పోని డోంపెరిడోన్ ఇందుకు నయం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు దానితోనూ జాగ్రత్త అవసరం. తల తిరుగుడుకు నెలల తరబడి వాడే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ అసలు జబ్బే లేని ముసలివాళ్లకు కూడా వణుకు, బిగుసుదనం తెచ్చిపెడతాయి. ఆపేస్తే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. అందుకే మంచి న్యూరాలజిస్టు చేతులు చూసేముందు పాత మందుల చీటీలన్నీ అడుగుతాడు.

చేతులు చూడటం కూడా ఒక విద్యే. బొటనవేలికి చూపుడువేలు వేగంగా కొట్టమంటారు. మొదట వేళ్లు బాగానే తెరుచుకుంటాయి. పదిసార్లు కొట్టేలోపే మధ్య సందు ఇరుకైపోతుంది, లయ తప్పుతుంది. సంతకం చేయమంటే మొదటి అక్షరం ఉన్నంత పెద్దగా చివరి అక్షరం ఉండదు.

హన్మకొండ ఓపీల్లో ఏళ్లుగా మందు వాడుతున్న పెద్దమనుషులు చెప్పే మాట ఒకటుంది: "పొద్దుగాల మంచిగనే ఉంటది సార్, అన్నం తిన్నంక కాళ్లు లేస్తలెవ్వు." మందు నకిలీది కాదు. లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. పప్పు, గుడ్డు, పెరుగు, కోడికూర అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలతో కలిసి, పేగు దగ్గరా మెదడు దగ్గరా ఒకే ద్వారం గుండా పోవాలి. జాతరప్పుడు మేడారం బస్సు ఎక్కడం ఎలాగో ఇదీ అంతే. అందుకే తిండికి అరగంట ముందో, తిన్నాక కనీసం గంట ఆగో గోలీ వేసుకోమంటారు. రక్తంలో అది సగానికి తగ్గడానికి గంటన్నర చాలు. జబ్బు ముదిరేకొద్దీ మెదడు డోపమిన్‌ను దాచుకోలేదు కాబట్టి, గోలీకీ గోలీకీ మధ్య గుంత పడుతుంది.

ములుగు అడవి అంచుల్లో దూలగొండి కాయ ముట్టుకుని గోక్కోని పిల్లలు ఉండరు. దాని గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు చూపించారు. 2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగుల మీద పరీక్షిస్తే, 30 గ్రాముల గింజల మందు మామూలు గోలీకంటే త్వరగా పని మొదలుపెట్టి, ఎక్కువసేపు నిలిచింది. చిన్న పరీక్షే గానీ తీసిపారేయలేం. కానీ తర్వాత బొలీవియాలో వారాల తరబడి వాడిస్తే, కడుపు ఇబ్బందుల వల్లో, కదలికలు ఇంకా దిగజారడం వల్లో సగంమంది మధ్యలోనే మానేశారు. ఆకుమందుల దుకాణంలో కొన్న పొడి చెంచాలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో ఎవరు చెప్పగలరు? గోలీ వేసుకుంటూ డాక్టర్‌కు చెప్పకుండా దూలగొండి పొడి కూడా కలిపితే, లెక్క తెలియకుండా డోసు పెంచినట్టే. మెదడులో తీగ అమర్చి కరెంటు ఇచ్చే ఆపరేషన్ కూడా ఉంది, 1987లో ఫ్రాన్స్‌లో బెనబిడ్‌తో మొదలైంది. అది అందరికీ కుదరదు, కుదిరినవాళ్లలో కూడా చాలామందికి గోలీలు పూర్తిగా పోవు.

గోలీకీ గోలీకీ మధ్య పడే ఆ గుంతలను పూడ్చే పరిశోధనలో హైదరాబాద్ పాత్ర ఉంది. నిమ్స్ న్యూరాలజిస్టు రూపం బొర్గోహైన్ ముందుండి నడిపించగా 669 మంది రోగులతో సఫినమైడ్ పరీక్ష జరిగింది, ఫలితాలు 2014లో వచ్చాయి. ఉన్న డోపమిన్‌ను త్వరగా విరిగిపోకుండా చూసే గోలీ అది. అందులో గెలుపోటములు తేల్చిన ముఖ్యమైన కొలత స్కానింగ్ కాదు, రోగులు ఇంట్లో నింపిన డైరీ. అలాంటి డైరీల్లో రోజుని అరగంట గడులుగా విడగొట్టి, ఏ గడిలో బాగున్నారో, ఏ గడిలో బిగుసుకుపోయారో, ఎప్పుడు ఒళ్లు అదుపు తప్పి ఊగిందో టిక్కు పెడతారు. అలాంటి కాగితం ఒకటి మూడు రోజులు నింపి, గోలీ వేసిన టైమూ అన్నం తిన్న టైమూ పక్కన రాసి తీసుకెళ్తే, హన్మకొండలో డాక్టర్‌కు డోసు మార్చాలో, టైము మార్చాలో తేల్చడానికి ఎక్కువసేపు పట్టదు.