కీలెరిగి కొనాలి

చాకు, కత్తెర, ప్లయర్ లాంటివి ఒకే పిడిలోకి మడిచిపెట్టే పనిముట్టు మల్టీటూల్. దాని డబ్బా మీద అన్నింటికంటే పెద్దగా కనిపించేది అంకె. 12 పనిముట్లు, 18 పనిముట్లు, 21 పనిముట్లు. ఆ లెక్కలోకి చేప పొలుసు గీకేదీ, సీసా మూత తీసేదీ, చివరకు తాళంచెవులు తగిలించే రింగు కూడా వచ్చి చేరుతాయి. నల్లగొండ జిల్లాలోని దేవరకొండ కోట ఎక్కే స్కౌట్ జట్టుకో, నల్లమలలోని మన్ననూరు దగ్గర రెండు రాత్రులు గుడారం వేసేవాళ్లకో ఆ అంకెతో పని లేదు. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ఈ వస్తువును కూడా కీలెరిగే కొనాలి.

ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. గడ్డపారతో బండను లేపేటప్పుడు పనిచేసే సూత్రమే ప్లయర్‌లోనూ ఉంది. రెండు గడ్డపారలను ఒక శీల దగ్గర కలిపితే ప్లయర్. శీలకు 9 సెంటీమీటర్ల దూరంలో పిడిని 10 కిలోల బలంతో నొక్కామనుకోండి. శీలకు 1 సెంటీమీటరు దూరంలో పెట్టిన తీగ మీద 90 కిలోల బలం పడుతుంది. 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ముక్కు కొసన మాత్రం 30 కిలోలే. తీగ కోసే పదును శీల పక్కనే ఉండటానికి కారణం ఇదే. చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది: చేతి 10 కిలోలు, తీగ 90 కిలోలు కలిపి 100 కిలోల బరువును ఆ చిన్న శీలే మోయాలి. పైగా మల్టీటూల్‌లో పిడులు కూడా మడుస్తాం కాబట్టి, మామూలు ప్లయర్‌లో లేని మరో రెండు కీళ్లు ఇందులో ఉంటాయి. వాటిలో ఏది వదులైనా దవడలు ఒకదాని పక్కకు ఒకటి జారుతాయి.

దీన్ని దుకాణంలో నిమిషంలో తేల్చుకోవచ్చు. ప్లయర్‌ను మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ముక్కు కొసలు ముందు కలవాలి, ఇంకాస్త నొక్కితే మిగతా దవడ కలవాలి. కొసల మధ్య వెలుతురు కనిపిస్తే ముల్లు కూడా పట్టుకోలేదు. తర్వాత మూసిన దవడలను పట్టుకుని పిడులను పక్కలకు ఊపి చూడండి. టకటకమంటే వద్దు. ఆఖరున అరచేతిలో గట్టిగా నొక్కండి. పిడి అంచులు అరచేతిలో దిగబడితే, పది తీగలు మెలిపెట్టేసరికి చెయ్యి బొబ్బలెక్కుతుంది.

మెత్తటి బైండింగ్ వైరు దీనితో హాయిగా తెగుతుంది. క్లచ్ వైరు, స్ప్రింగు, సైకిల్ పుల్లలు మాత్రం కోసే పదును కంటే గట్టిగా ఉండొచ్చు. అప్పుడు తెగేది తీగ కాదు, పదునులో గుంట పడుతుంది. తీగ తెగలేదని ప్లయర్‌ను అటూ ఇటూ ఊపడం అంతకంటే చెడ్డ అలవాటు, ఆ ఊపంతా శీల మీదికే పోతుంది. కోసే ముక్కలను విప్పి కొత్తవి బిగించుకునే మోడళ్లు ఉన్నాయి, ఎక్కువ వాడేవాళ్లకు అవే మేలు. ఒక మాట మరవొద్దు: ఈ పిడులు ఒట్టి ఇనుము. రబ్బరు తొడుగు లేని పనిముట్టుతో బోరు మోటారు స్టార్టరును గానీ, చేను చుట్టూ ఉన్న కరెంటు కంచెను గానీ ముట్టకూడదు.

ఇంతకీ ప్లయర్ ఉన్నదే కావాలా? ఈ ప్రశ్నకు రెండు పాత జవాబులున్నాయి. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1897లో రిజిస్టర్ చేయించిన ఆఫీసర్ల చాకులో ప్లయర్ లేదు. ఒకే స్ప్రింగుకు రెండు వైపులా పనిముట్లు అమర్చడమే అందులోని తెలివి. అందుకే అది జేబులో పట్టేంత సన్నగా ఉంది. 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరిగిన అమెరికన్ టిమ్ లెదర్‌మన్ జేబులో స్కౌట్ పిల్లలు వాడే తరహా చాకు ఉండేది, లేనిది ప్లయరే. ఆ వెలితి నుంచి పుట్టిన మడత ప్లయర్ 1983లో అమ్మకానికి వచ్చింది. మా ఉద్దేశంలో పదేళ్లు దాటి స్కౌట్‌లో చేరిన పిల్లవాడికి మొదటి రకం చాలు: 91 మిల్లీమీటర్ల పొడవు, 100 గ్రాముల లోపు బరువు, ఒక చాకు, కత్తెర, రంపం, రంధ్రం చేసే ఆరె, శ్రావణం. 240 గ్రాముల చుట్టూ తూగే ప్లయర్ రకం జట్టుకు ఒకటి, పెద్దవాళ్ల దగ్గర ఉంటే సరిపోతుంది.

చిన్న చాకుల్లో చాలావాటికి లాక్ ఉండదు, స్ప్రింగు బిగువు మాత్రమే ఉంటుంది. కోసేటప్పుడు బలం పదును వైపు నుంచి వస్తుంది కాబట్టి చాకు తెరిచే ఉంటుంది. పొడిచినా, రంధ్రం చేసినా బలం తిరగబడి చాకు వేళ్ల మీద మూసుకుంటుంది. కుట్టేటప్పుడు ఆరెతోనూ ఇదే ప్రమాదం. కాబట్టి దబ్బనంలా పొడిచే పని ఉంటే లాక్ ఉన్నదే కొనాలి. లాక్ పలక చాకు మడమ (పిడి లోపల ఉండే చివర) వెనక పూర్తిగా చేరిందో లేదో కంటితో చూడాలి. అంచున మాత్రమే ఆనితే చిన్న దెబ్బకే జారిపోతుంది.

మన వైపు క్యాంపుల్లో ఎక్కువగా వాడేది ఏది? శ్రావణం. తుమ్మ, సర్కారు తుమ్మ, రేగు ఉన్న చోట కాళ్లలో ముల్లు విరగని రోజుండదు. సైకిల్ టైరులో విరిగిన తుమ్మముల్లును మాత్రం ప్లయర్ ముక్కుతోనే లాగాలి. రెండోది కత్తెర: పట్టీలు, సుతిలి, పాల ప్యాకెట్లు. చెలక నేలలో బిగుసుకున్న గుడారం మేకును పెరకడానికి ప్లయర్ బాగుంటుంది. మేకు కొట్టడానికి మాత్రం రాయి వెతుక్కోండి, మల్టీటూల్ సుత్తి కాదు.

రంపం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 8 సెంటీమీటర్ల రంపంతో 4 సెంటీమీటర్ల వెదురు కోస్తే చెయ్యి ఆడటానికి మిగిలేది మరో 4 సెంటీమీటర్లే. అంతకు మించి లావైన దాని జోలికి పోవద్దు. రెండు చివరలూ రాళ్ల మీద ఆనించి నడుమ కోస్తే, బొంగు కిందికి వంగి పైన కోత మూసుకుని రంపాన్ని పట్టేస్తుంది. ఒక చివరను గాలిలో వదిలి అక్కడ కోస్తే కోత తనే తెరుచుకుంటుంది.

అయితే అడవిలో కొమ్మ కొట్టకూడదు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వెళ్లేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇచ్చిన ఆయుధం నిర్వచనంలో తుపాకులు, ఉచ్చులతో పాటు కత్తులూ ఉన్నాయి. అభయారణ్యంలోకి ఆయుధం తీసుకెళ్లాలంటే రాతపూర్వకంగా ముందస్తు అనుమతి కావాలి. కాబట్టి క్యాంపు అనుమతి అడిగే కాగితంలోనే పనిముట్ల జాబితా రాయడం తెలివైన పని. విమానంలో వెళ్తే దీన్ని చేతిసంచిలో పెట్టుకోనివ్వరు, లగేజీలో వేయాలి.

ఇక ఉక్కు. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదనే నమ్మకం చాకు విషయంలో తలకిందులు. వంటగిన్నెల స్టెయిన్‌లెస్ ఉక్కులో నికెల్ ఉంటుంది, అది అయస్కాంతానికి పెద్దగా అంటదు, కాల్చి చల్లార్చినా గట్టిపడదు. కాల్చి గట్టిపరిచే చాకు ఉక్కు అయస్కాంతానికి అంటుకుని తీరాలి. అంటలేదంటే మీ చేతిలో ఉన్నది చెంచా జాతి, పదును నిలవదు. అలా గట్టిపరిచిన చాకును పొయ్యి మంటలో ఎర్రగా కాల్చి నైలాన్ తాడు కొసలు కరిగించేవాళ్లున్నారు. ఉక్కు నీలిరంగుకు తిరిగేసరికి దాని గట్టిదనం తగ్గి ఉంటుంది. తాడుకు లైటర్ చాలు.

స్టెయిన్‌లెస్‌కు తుప్పు పట్టదని కాదు. అందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడని పొర కడుతుంది, రక్షణ అదే. చెమట ఉప్పు, బత్తాయి రసం కీలు సందులో నిలిచిపోతే అక్కడికి గాలి అందక పొర మళ్లీ కట్టుకోదు, చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి. బత్తాయి కోసి చాకును అలాగే మడిచి జేబులో వేసుకోవడం నల్లగొండలో సులువుగా జరిగే తప్పు.

రెండో శత్రువు దుమ్ము. ఇక్కడి గుట్టల్లో చాలావరకు గ్రానైట్, దాని పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిదనం కొలిచే మోస్ కొలమానంపై క్వార్ట్జ్ 7, చాకు ఉక్కు అంతకంటే తక్కువ. కీలులో దూరిన ఆ ఇసుక, తెరిచి మూసిన ప్రతిసారీ ఆకురాయిలా అరగదీస్తుంది. దుమ్ము మీద నూనె పోస్తే అరుగుడు ఆగదు, బురదవుతుంది. ముందు గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచి, అన్నీ తెరిచి మూస్తూ పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే ఆరాక కీళ్లలో తెల్లటి పొడి మిగులుతుంది, చివరి కడుగుడుకు తాగే నీళ్లు వాడండి. పూర్తిగా ఆరనిచ్చి కీలుకు ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేయాలి. పల్లినూనె రోజులు గడిచేకొద్దీ జిగురవుతుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, డిసెంబరు రాత్రి నల్లమలలో చాకు తెరుచుకోదు. తినేవి కోసే చాకు పలకకు మాత్రం కుట్టుమిషన్ నూనె తగలనివ్వొద్దు. కీలు నుంచి పైకి కారిన నూనెను గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే మరుసటి రోజు దుమ్మంతా అక్కడికే చేరుతుంది.