కొల్లేటి బురద, ఎండలో ఓజోన్: నాకు తరచూ ఎదురయ్యే అపోహలు

ఆకివీడు వైపు దోనెలో కూర్చుని బురదలోకి పైపు దించుతుంటే, ఒడ్డు మీంచి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "ఆ బురదలో ఏముంటుందండీ?" చాలా ఉంటుంది. కొల్లేరు అడుగున మొక్కలు, నాచు, మనుషులు వదిలిన రసాయన ఆనవాళ్లు వెతకడమే నా పని. వాటిని బయోమార్కర్లు అంటాం.

అపోహ: ఆకు కుళ్లిపోతే ఏమీ మిగలదు

తామరాకు మీద నీటిబొట్టు నిలవదు కదా, దానికి కారణం ఆకు మీదుండే సన్నటి మైనం. ఆకు కుళ్లినా ఈ మైనం అంత తొందరగా పోదు. నేల మీది మొక్కల మైనంలో 29, 31 కార్బన్ల గొలుసులు ఎక్కువ. నీటి నాచులో 17 కార్బన్లవి ఎక్కువ. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టిలో ఈ మైనాన్నే చదివారు. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి ఈ నది పరీవాహకంలో కరువును తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయని 2012లో తేల్చారు.

తీసిన మట్టిని సెంటీమీటరు మందాన కోసి అల్యూమినియం రేకులో చుడతాం. ప్లాస్టిక్ కవరు పనికిరాదు, అందులోని రసాయనాలు మట్టికి అంటుకుంటాయి. వేలితో ముట్టుకున్నా ఒంటి జిడ్డులోని కొలెస్ట్రాల్ నమూనాలోకి చేరుతుంది.

అపోహ: ఎంత లోతుకు వెళ్తే అంత పాత మట్టి

ఎవరూ కదపని చోట నిజమే. వయసు తెలియడానికి సీసం-210 అనే రేడియోధార్మిక సీసాన్ని చూస్తాం, అది 22 ఏళ్లకోసారి సగమవుతుంది, కాబట్టి లోతుకు వెళ్లేకొద్దీ తగ్గాలి. చేపల చెరువు తవ్వి, 2006లో గట్లు కొట్టేసిన చోట ఒకసారి పైపు దించాం. పైనుంచి కిందిదాకా సీసం లెక్క ఒకటే! మట్టంతా కలగలిసిపోయింది. ఆ చోటి పాత సంగతులు ఇక ఎవరూ చదవలేరని చాలా బాధేసింది.

అపోహ: గడ్డి తగలబెడితే పొగ గాలిలో కలిసిపోతుంది

పోదు. గడ్డిలోని సెల్యులోజ్ కాలితే లెవోగ్లూకోసాన్ పుడుతుంది. అది పొగతో పాటు వచ్చి చెరువు అడుగున చేరుతుంది. దాళ్వా (రబీ వరి) కోతల తర్వాత గడ్డికి నిప్పు పెట్టినప్పుడు వచ్చే వాయువులు, బళ్ల పొగ, ఏప్రిల్ ఎండ కలిస్తే ఓజోన్ తయారవుతుంది.

అపోహ: ఓజోన్ మనల్ని కాపాడేదే

మా పిన్ని ఇదే అడిగింది: "ఓజోన్ మంచిదే కదరా, పొరకు చిల్లు పడిందని గోల పెట్టారుగా?" పైన, స్ట్రాటోస్ఫియర్లో ఉన్నది మంచిదే. ముక్కు దగ్గరున్నది కాదు. ఓజోన్ నీటిలో పెద్దగా కరగదు. అందుకే ముక్కు, గొంతు తడి దాన్ని పూర్తిగా ఆపలేవు, ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్తుంది. అక్కడి పల్చటి తడిపొరలో కొవ్వులుంటాయి, కొలెస్ట్రాల్ కూడా ఉంటుంది. కొలెస్ట్రాల్ అణువులో ఉన్నది ఒకే ఒక్క ద్విబంధం, అంటే రెండు కార్బన్ల మధ్య జంట బంధం. ఓజోన్ సరిగ్గా దాన్నే తెంపుతుంది. అప్పుడు పుట్టే పదార్థాలు వాపు తెస్తాయి. దగ్గు, గట్టిగా గాలి పీలిస్తే ఛాతీలో నొప్పి, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం ఎక్కువవడం అందుకే. మన పేగుల్లోని బ్యాక్టీరియా కూడా అదే బంధాన్ని మార్చి కొప్రోస్టనాల్ చేస్తుంది. మురుగు కలిసిందో లేదో చూడ్డానికి నేను బురదలో వెతికేది దాన్నే. ఒకే అణువు అటు ఊపిరితిత్తుల్లోనూ, ఇటు చెరువు అడుగునా మన కథ చెబుతోందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అపోహ: మాస్కు కట్టుకుంటే చాలు

మామూలు మాస్కు దుమ్మును ఆపుతుంది, వాయువును ఆపదు. ఓజోన్ మధ్యాహ్నం, ఎండ ముదిరాక పెరుగుతుంది. పైగా గడ్డి పొగలా బురదలో జాడ వదలదు, ఏ రోజుకారోజు గాలిలోనే కొలవాలి. మన దేశంలో 8 గంటల సగటు హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. పిన్నికి ఉబ్బసం ఉంది. ఇప్పుడు కళ్లంలో ధాన్యం తిరగెయ్యడం పొద్దున్నే మొదలుపెట్టి, పదింటికల్లా ఇంటికొచ్చేస్తోంది.