కారు డోర్ స్పీకర్లు: అపోహలు – వాస్తవాలు

విజయవాడలో మా షాపుకు వచ్చేవారు మొదట అడిగేది ‘ఎన్ని వాట్లు?’ అని. తర్వాత స్పీకర్‌ను తిరగేసి మ్యాగ్నెట్ ఎంత పెద్దదో చూస్తారు. డోర్ గురించి అడిగేవారు మాత్రం అరుదు. మా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఐ10, టియాగో లాంటి చిన్న కార్లు. వాటి డోర్ల రేకు పలచన, లోపల చోటు తక్కువ, కంపెనీ స్టీరియో శక్తి అంతంతమాత్రం. అందుకే ఈ కార్లలో స్పీకర్ ఖరీదు కన్నా దాన్ని బిగించిన తీరే ముందు వినిపిస్తుంది. కొనేవారి నోట తరచుగా వినే మాటలు, వాటి వెనుక ఉన్న అసలు సంగతులు ఇవి.

అపోహ: డబ్బా మీద 300 వాట్లు అని ఉంటే మోత కూడా అంతే ఉంటుంది.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేసేది గరిష్ఠ వాట్లు. స్పీకర్ ఒక్క క్షణం తట్టుకోగలదని తయారీదారు చెప్పుకునే అంకె అది. పక్కనే చిన్న అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అనే అంకె ఉంటుంది. ఆగకుండా మోగుతున్నా పాడవకుండా స్పీకర్ తట్టుకునే శక్తి అది. చూడాల్సింది దాన్నే. ఆర్‌ఎంఎస్ ప్రస్తావనే లేని డబ్బాను నేనైతే షెల్ఫులో పెట్టను.

స్టీరియోల సంగతీ ఇంతే. దాదాపు ప్రతి స్టీరియో మీదా ‘50 వాట్లు x 4’ అని ఉంటుంది. ఆ 50 ఎలా వచ్చిందో లెక్క వేసి చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండే వోల్టేజి సుమారు 14.4. దాన్ని అంతటితోనే గుణించి, స్పీకర్ నిరోధమైన 4 ఓమ్‌లతో భాగిస్తే దాదాపు 52 వస్తుంది. అంటే శబ్ద తరంగం పూర్తిగా చదునై, పాట బొంగురుపోయిన స్థితిలో వచ్చే శక్తి అది. శుభ్రమైన తరంగానికి సిద్ధాంతం ప్రకారమే అందులో సగం, 26 వాట్లు. స్టీరియో లోపల శబ్దాన్ని పెంచే చిప్ (ఐసీ)లో పోయే నష్టాలు తీసేస్తే ఒక్కో స్పీకర్‌కు అందేది 14 నుంచి 22 వాట్లు. విడిగా యాంప్లిఫయర్ పెట్టనంతవరకు ఏ స్పీకర్ కొన్నా మీకు దక్కే శక్తి ఇంతే.

అపోహ: ఖరీదైన కాంపొనెంట్ సెట్ వేస్తే కంపెనీ స్టీరియో మీదే అదరగొడుతుంది.

కాంపొనెంట్ సెట్ అంటే సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్ (ట్వీటర్) విడిగా వచ్చే సెట్. మా షాపులో అసంతృప్తి ఎక్కువగా పుట్టేది ఇక్కడే. కారు తయారీదారు ఇచ్చిన స్పీకర్ చేతికి తేలిగ్గా ఉంటుంది. పేపర్ కోన్ (ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం పుట్టించే శంకు భాగం), చిన్న మ్యాగ్నెట్. అయినా తక్కువ శక్తితోనే గట్టిగా పలికేలా చేసిన సరుకు అది. దాని స్థానంలో బరువైన కోన్, గట్టి రబ్బరు అంచు ఉన్న ఖరీదైన స్పీకర్ బిగించి, అదే 15 వాట్లు ఇస్తే మోత తగ్గుతుంది. ‘ఇంత డబ్బు పోశాను, పాతదే నయం’ అంటారు. స్పీకర్‌లో లోపమేమీ లేదు, దానికి చాలినంత శక్తి అందడం లేదు.

కొనేముందు సెన్సిటివిటీ అనే అంకె చూడండి. 1 వాటు ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తుందో అది చెబుతుంది. 3 డెసిబెల్స్ తేడాను పూడ్చాలంటే శక్తి రెట్టింపు కావాలి. అంటే 90 డెసిబెల్స్ స్పీకర్ 15 వాట్లకు పలికేంత గట్టిగా 87 డెసిబెల్స్ స్పీకర్ పలకాలంటే 30 వాట్లు ఇవ్వాలి. కంపెనీ స్టీరియోనే ఉంచుకునేవారికి 90కి పైన సెన్సిటివిటీ ఉన్న మామూలు కోయాక్సియల్ (ట్వీటర్ మధ్యలోనే బిగించి వచ్చే) జత చాలు. కాంపొనెంట్ సెట్ మీద మనసు పడితే నాలుగు చానళ్ల (నాలుగు స్పీకర్లకు విడివిడిగా శక్తినిచ్చే) చిన్న యాంప్లిఫయర్‌కు కూడా డబ్బు పక్కన పెట్టుకోండి. ఇంకో మాట: కొలిచిన పద్ధతి తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి ఒకటీ అరా డెసిబెల్ తేడా కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

మ్యాగ్నెట్ సైజు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నియోడిమియం మ్యాగ్నెట్ అరచేతిలో ఇమిడిపోయి కూడా పెద్ద ఫెర్రైట్ చక్రం చేసే పని చేస్తుంది. నకిలీ సరుకులో మ్యాగ్నెట్ మీద లావుపాటి రబ్బరు తొడుగు వేసి పెద్దగా చూపించడం పాత ఎత్తు.

అపోహ: ఆరున్నర అంగుళాల చోటు ఉందంటే ఏ ఆరున్నర స్పీకరైనా కూర్చుంటుంది.

వెడల్పు సరిపోతే పని సగమే అయినట్టు. గ్లాసు దిగేది స్పీకర్ వెనుక నుంచే. గ్లాసు ఎత్తి ఉన్నప్పుడు లోతు కొలిచి స్పీకర్ బిగిస్తే, ఇంటికి వెళ్లేదారిలో టోల్ గేటు దగ్గర గ్లాసు దించినప్పుడు మ్యాగ్నెట్‌కు తగిలి ఆగిపోతుంది. కాబట్టి గ్లాసు పూర్తిగా దించి, దాన్ని నడిపించే ఇనుప చట్రం ఎక్కడెక్కడ కదులుతుందో చూసి కొలవాలి. ముందువైపు కూడా చూడాలి. కోయాక్సియల్ మధ్యలో పొడుచుకొచ్చిన ట్వీటర్, డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు ఉండే తొడుగు) జాలీకి తగులుతుందేమో సరిచూసుకోవాలి.

లోతు చాలకపోతే స్పేసర్ రింగు వేస్తాం. ఇక్కడే చాలామంది ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన పలక) కోసి పెడతారు. రెండు వానాకాలాలకే అది నీరు పీల్చి ఉబ్బి, స్క్రూలు పట్టు వదిలేస్తాయి. ప్లాస్టిక్ రింగు వాడండి. చెక్కే వాడాలంటే మెరైన్ ప్లైవుడ్ తీసుకుని అన్ని వైపులా పెయింట్ వేయించండి. కంపెనీ స్పీకర్ రివెట్లతో ఉన్న కార్లలో రివెట్ తొలిచేటప్పుడు రాలే ఇనుప పొడిని కొత్త స్పీకర్ దగ్గరకు తేవడానికి ముందే పూర్తిగా తీసేయాలి. మ్యాగ్నెట్ దాన్ని లాక్కుంటే కాయిల్ సందులో చేరి గరగరమంటుంది. తొలిచిన చోట ప్రైమర్ పూయకపోతే తుప్పు మొదలయ్యేది అక్కడి నుంచే.

అపోహ: డ్యాంపింగ్ షీటు (డోర్ రేకు వణక్కుండా అతికించేది) షాపువాళ్లు బిల్లు పెంచడానికి చెప్పే మాట.

షీటు పేరుతో డబ్బు గుంజేవాళ్లు లేకపోలేదు. కానీ నన్నడిగితే, చేతిలో ఉన్న డబ్బులో మొదటి వాటా డోర్‌కే ఇవ్వమంటాను. ఇంట్లో స్పీకర్‌ను చెక్కపెట్టెలో బిగించి ఎందుకు ఇస్తారు? కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలచబడుతుంది. ఆ రెండూ కలిసిపోతే బేస్ అక్కడికక్కడే రద్దవుతుంది. వెనుక శబ్దాన్ని పెట్టె బంధించి ఉంచుతుంది. కారులో ఆ పెట్టె పని చేయాల్సింది డోరే. చిన్న కారు డోర్ లోపలి రేకులో మాత్రం అరచేయంత, కొన్నిచోట్ల రెండు చేతులు దూరేంత రంధ్రాలు ఉంటాయి. వాటిని అలాగే వదిలేసి ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా అడుగు లేని బిందెలో నీళ్లు పోసినట్టే.

డోర్‌లో చేయాల్సిన పనులు వేర్వేరు. వాటిని ఒకే పనిగా చూడటం వల్లే డబ్బు వృథా అవుతుంది. బయటి రేకు మోగకుండా ఆపడం ఒకటి. దీనికి అల్యూమినియం పొర అంటిన బ్యూటైల్ (జిగట రబ్బరు) షీటు కావాలి. రేకు మొత్తం కప్పనక్కర్లేదు, నాలుగో వంతు కప్పినా మోత చాలావరకు చచ్చిపోతుంది. వేలి కణుపుతో కొట్టి చూడండి. ముందు ‘టంగ్’మన్న రేకు తర్వాత ‘టప్’మనాలి. షీటు అతికించేముందు దుమ్ము, నూనె జిడ్డు తుడిచి, అతికించాక రోలరుతో గట్టిగా నొక్కాలి. చేత్తో అద్ది వదిలేసిన షీటు కొన్ని నెలలకే ఊడి గ్లాసు దారిలో పడుతుంది. లోపలి రేకులోని పెద్ద రంధ్రాలను మూయడం రెండో పని. స్పీకర్ అంచుకూ డోర్ ప్యాడ్‌కూ మధ్య స్పాంజి రింగు పెట్టడం మూడోది. ఆ రింగు లేకపోతే ముందు శబ్దంలో కొంత ప్యాడ్ వెనక్కి జారుకుని, ప్యాడే గిలగిల కొట్టుకుంటుంది. దాని ధర చాలా తక్కువ. అయినా దాదాపు అందరూ మరిచిపోయేది దాన్నే.

నలుపు తారు షీట్ల జోలికి పోవద్దు. మే నెలలో ఎండలో నిలిపిన కారు డోర్ మీద చెయ్యి పెట్టలేం. అంత వేడికి తారు మెత్తబడి జారుతుంది, కారంతా వాసన. కోస్తాలోనూ రామగుండం వైపూ వేసవిలో తిరిగే కారుకు బ్యూటైల్ తప్ప వేరేది నేను చెప్పను.

నీటి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ‘డోర్‌లోకి నీరెలా వస్తుంది, రబ్బరు ఉంది కదా’ అంటారు. గ్లాసు పక్కనుండే రబ్బరు పట్టీ నీటిని పూర్తిగా ఆపదు. వాన నీరు డోర్ లోపలికి దిగి, కింది అంచున ఉన్న చిన్న రంధ్రాల నుంచి బయటకు పోవాలన్నదే దాని నిర్మాణం. ఆ రంధ్రాల మీద షీటు అంటిస్తే డోర్ తొట్టి అవుతుంది, కింది నుంచి కుళ్లిపోతుంది. డోర్ ప్యాడ్ వెనుక పలచని ప్లాస్టిక్ కాగితం కూడా ఉంటుంది. అది దుమ్ము కోసం పెట్టిందనుకుని కొందరు చింపి పారేస్తారు. నీరు కారు లోపలికి రాకుండా ఆపేది అదే. చింపితే మొదటి వానకే కాళ్ల కింద మ్యాటు తడిసి ముద్దవుతుంది. దాన్ని జాగ్రత్తగా తిరిగి అతికించాలి, లేదా ఆ రేకునంతా బ్యూటైల్‌తో మూసేయాలి.

కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్‌కు సంకేతమిచ్చే సెన్సర్ డోర్ లోపలే ఉంటుంది. డోర్‌లోని గాలి ఒత్తిడి హఠాత్తుగా పెరగడాన్ని అది పసిగడుతుంది. అలాంటి కారులో సెన్సర్‌ను కప్పినా, డోర్‌లో కొత్తగా పెద్ద రంధ్రం కోసినా ప్రమాదం. పసుపు రంగు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్) కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది. దాన్ని ముట్టుకోకూడదు.

అపోహ: బేస్ రాకపోతే బేస్ పెంచాలి.

ముందు వైర్లు చూడండి. రెండు డోర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే ఒక కోన్ ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి వెళుతుంది. బేస్ మాయమవుతుంది, పాడే గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని, స్టీరియో వైపు విప్పిన స్పీకర్ వైర్లకు ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ కలిస్తే కోన్ బయటికి రావాలి. వైర్ల రంగును నమ్మొద్దు, ఒక్కో తయారీదారు ఒక్కో రంగు వాడతాడు.

వైర్లు సరిగా ఉన్నా బేస్ చాలకపోతే అది ఆ స్పీకర్ పరిమితి. చిన్న కారు డోర్‌లో ఆరున్నర అంగుళాల కోన్ 80 హెర్ట్జ్ కింది స్వరాలను మోయాలని చూస్తే ఊగిపోతుంది, గొంతులు కూడా మసకబారతాయి. స్టీరియోలో హెచ్‌పీఎఫ్ (పెట్టిన అంకె కింది స్వరాలను స్పీకర్‌కు పోనివ్వని ఫిల్టర్) అనే సెట్టింగు ఉంటే 80 దగ్గర పెట్టండి. బేస్ తగ్గిస్తున్నామని భయపడతారు గానీ, మోయలేని బరువు దిగాక అదే స్పీకర్ ఇంకా గట్టిగా, తేటగా పలుకుతుంది. అడుగు స్వరాలు తప్పనిసరైతే సీటు కింద పట్టే పలచని సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే స్పీకర్) ఉంది. డిక్కీని మింగేసే బేస్ ట్యూబ్ ఈ కార్లకు అక్కర్లేదు.

అపోహ: వెనుక 6x9 (అంగుళాల ఓవల్ స్పీకర్లు) లేకపోతే మ్యూజిక్ సిస్టమే కాదు.

ఇది అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలం నుంచి వచ్చిన అలవాటు. సెడాన్‌లో వెనుక గ్లాసు కింద ఇనుప పలక, దాని కింద మూసి ఉన్న డిక్కీ. అక్కడ ఓవల్ స్పీకర్‌కు పెద్ద పెట్టె దొరికినట్టే. హ్యాచ్‌బ్యాక్‌లో ఉన్నది ఊడి వచ్చే పలచని ట్రే. అది స్పీకర్‌తో పాటే వణుకుతుంది. సడన్ బ్రేకు వేసినా, వెనుక నుంచి ఎవరైనా గుద్దినా, అంత బరువు వెనుక కూర్చున్నవారి తల వెనుకే ఉందని గుర్తుపెట్టుకోండి. పైగా పాట వీపు వెనుక నుంచి వస్తుంది. డబ్బు పరిమితంగా ఉంటే అంతా ముందు డోర్ల మీదే పెట్టండి, వెనుక కంపెనీవి ఉంటే వాటినే ఉంచండి.

అపోహ: స్టీరియో వాట్లు తక్కువైతే స్పీకర్ కాలిపోతుంది.

తక్కువ శక్తి ఎవరినీ కాల్చదు. కాల్చేది చివరిదాకా తిప్పిన వాల్యూమ్. ఐసీ ఇవ్వగలిగినంత వోల్టేజి అయిపోయాక తరంగం తలలు తెగి చదునవుతాయి, 20 వాట్ల ఐసీ నుంచి 40 వాట్ల దాకా శక్తి స్పీకర్‌లోకి పోయి వేడెక్కిస్తుంది, ఆ తెగిన అంచుల నుంచి పుట్టే పదునైన శబ్దమంతా ట్వీటర్ మీద పడుతుంది. ముందు పోయేది ట్వీటరే. పాట చెవిని గీకుతున్నట్టు అనిపిస్తే అక్కడి నుంచి రెండు మెట్లు తగ్గించండి.

అపోహ: వైరు ఎంత లావైతే శబ్దం అంత బాగుంటుంది.

స్టీరియో నుంచి డోర్ దాకా మూడు మీటర్ల 18 గేజ్ రాగి వైరులో రానూపోనూ నిరోధం 0.13 ఓమ్ లోపే. 4 ఓమ్‌ల స్పీకర్‌కు ఆ నష్టం చెవికి అందదు. రాగి పూత వేసిన అల్యూమినియం వైరుకు దూరంగా ఉంటే చాలు. కొత్త వైరును డోర్‌కూ బాడీకీ మధ్యనున్న రబ్బరు గొట్టం లోపలి నుంచే తీయాలి. బయటి నుంచి లాగిన వైరు డోర్ మూసిన ప్రతిసారీ నలిగి, ఒకనాడు షార్ట్ అవుతుంది. కంపెనీ వైరు కోయకుండా ఆ కారుకు సరిపోయే కప్లర్ కొనుక్కోండి. కోసిన వైరు కనిపిస్తే వారంటీ క్లెయిమును తోసిపుచ్చడానికి సర్వీస్ సెంటరుకు కారణం దొరుకుతుంది.

అపోహ: ఒకే చానల్‌కు రెండేసి స్పీకర్లు కలిపితే మోత రెట్టింపు.

రెండు 4 ఓమ్‌ల స్పీకర్లను ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే స్టీరియోకు కనిపించేది 2 ఓమ్‌లు. మామూలు స్టీరియో ఐసీ దానికి తయారైంది కాదు. వేడెక్కి ఆగిపోతుంది, లేదా ఏకంగా పోతుంది.

అపోహ: ట్వీటర్‌ను ఎక్కడ అతికించినా ఒకటే.

ట్వీటర్ ఇచ్చే సన్నని స్వరాలు టార్చ్ వెలుగులా ఎటు తిప్పితే అటే పోతాయి. మోకాళ్ల దగ్గర పెడితే మోకాళ్లే వింటాయి. సైడ్ మిర్రర్ వెనుక, కారు లోపలివైపు ఉండే త్రికోణపు ప్లాస్టిక్ ముక్క మంచి చోటు. ముందు గ్లాసు పక్క స్తంభం మీద పెట్టమని అడుగుతారు. ఆ స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు ఆ పని నేను చేయను. అది విచ్చుకున్నప్పుడు ట్వీటర్ ఎగిరి వచ్చేది ముఖం మీదికే.

అపోహ: కొత్త స్పీకర్లు కొన్నాళ్లు మోగితే గానీ విచ్చుకోవు.

కోన్‌ను పట్టి ఉంచే భాగాలు మొదట్లో కాస్త సడలుతాయన్నది నిజమే, ఆ తేడా చాలా కొద్దిది. ‘నెల రోజులు వినండి, అదే సర్దుకుంటుంది’ అని షాపువాళ్లు అంటే సర్దుకునేది ఎక్కువగా మీ చెవి. షాపు ముందే, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఫేడర్ (ముందు, వెనుక స్పీకర్లకు శబ్దాన్ని పంచే సెట్టింగు) ముందుకు, బేస్, ట్రెబుల్ సున్నాకు పెట్టి బాగా తెలిసిన పాట వినండి. పాడే గొంతు డ్యాష్‌బోర్డు మధ్య నుంచి రావాలి. నాలుగు గ్లాసులూ పూర్తిగా దించి ఎత్తి చూడండి. ప్యాడ్ మీద చెయ్యి పెట్టి, ఎక్కడైనా వణికితే అక్కడే విప్పించండి. విరిగిన ప్యాడ్ క్లిప్పులకు కొత్తవి వేశారో లేదో అప్పుడే తెలిసిపోతుంది.