వింటికి తగిన కర్ర

విల్లు చేయడానికి ఏ కర్ర మంచిదని అడిగితే చెట్ల పేర్లతో జవాబు చెప్పడం వాడుక. యూ, ఓసేజ్ ఆరెంజ్, హికరీ, ఎల్మ్, యాష్, మేపుల్ అంటూ ఆ పట్టీ సాగుతుంది. అవన్నీ తరాల అనుభవం మీద నిలిచిన పేర్లే కనుక వాటిని తోసిపుచ్చలేం. అయితే ఒకే చెట్టు నుంచి చీల్చిన రెండు బద్దల్లో ఒకటి ఏళ్ల తరబడి పనిచేసే విల్లు కావచ్చు, రెండోది మొదటిసారి నారి ఎక్కించగానే ఫెళ్ళున విరగవచ్చు. పోగులు ఎలా సాగాయి, చెట్టు నిటారుగా పెరిగిందా వాలి పెరిగిందా, కర్రలో ఎంత తడి మిగిలింది అన్న విషయాలే ఆ తేడాను తెస్తాయి. నా దృష్టిలో కర్రను ఎంచుకోవడంలో జాతి పేరుకు దక్కవలసింది సగం కంటే తక్కువ వాటా.

నారి లాగినప్పుడు కర్ర లోపల ఏం జరుగుతుందో చూద్దాం. విల్లులో గురి వైపు ఉండే తలాన్ని వీపు అనీ, విలుకాడి వైపు ఉండే తలాన్ని పొట్ట అనీ అందాం. విల్లు వంగుతుంటే వీపు వైపు పోగులు సాగుతాయి, పొట్ట వైపు పోగులు నొక్కుకుంటాయి, రెంటి నడుమ సాగనూ నొక్కుకోనూ అవసరం లేని సన్నని పొర ఒకటి ఉంటుంది. ఆ నడిమి పొర దగ్గరి కలపకు పని తక్కువ. భారమంతా పైనా కిందా ఉన్న కొద్ది మిల్లీమీటర్ల మీదే పడుతుంది. ఎండిన కలపల్లో చాలావాటికి పోగుల వెంట లాగుడును తట్టుకునే బలం, అదే దిశలో నొక్కుడును తట్టుకునే బలానికి సుమారు రెట్టింపు, కొన్నిటికి అంతకు మించి ఉంటుంది. అందువల్ల లోపం లేని బద్దలో ముందుగా లొంగేది పొట్టే. అక్కడి కణాల గోడలు నలిగి, నారి విప్పిన తరువాత కూడా విల్లు కొంత వంపుతోనే ఉండిపోతుంది. ఇంకా మించితే పొట్ట మీద వెంట్రుకవాసి అడ్డముడతలు కనిపిస్తాయి. వీపు ఇలా ముందుగా హెచ్చరించదు. అక్కడ పోగులు తెగి ఉంటే ఒక పేడు లేస్తుంది, మరుక్షణంలో విల్లు రెండు ముక్కలవుతుంది.

కాబట్టి ఒట్టి గట్టితనాన్ని చూసి కర్రను మెచ్చుకోవడం పొరపాటు. యంగ్ గుణకం, అంటే బిరుసును కొలిచే అంకె, ఎక్కువగా ఉన్న కలప వంగడానికి మొరాయిస్తుంది, కాస్త వంగేసరికే దానిలో ప్రతిబలం, అంటే ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే బలం, హద్దుకు చేరుతుంది. ఒక ఘనపు సెంటీమీటరు కలప దాచుకోగల స్థితిస్థాపక శక్తి, అది తట్టుకోగల ప్రతిబలపు వర్గాన్ని యంగ్ గుణకానికి రెట్టింపుతో భాగించగా వచ్చినంత. అంటే బలం ఎక్కువగానూ బిరుసు తక్కువగానూ ఉన్న కలప ఎక్కువ శక్తిని దాచుకుని తిరిగి ఇస్తుంది. దీనికి సాంద్రతను కూడా జోడించి చూడాలి, ఎందుకంటే నారి వదిలాక విల్లు రెక్కలు తమ బరువును కూడా తామే కదిలించుకోవాలి. కొనలు బరువైతే బాణానికి అందవలసిన శక్తిలో కొంత వాటికే ఖర్చవుతుంది.

ఉపరితలం ఎంత సాగుతుందో లెక్కకట్టడం తేలికే. ఆ చోట కర్ర మందాన్ని, అది వంగిన వృత్తపు వ్యాసంతో భాగిస్తే చాలు. 15 మిల్లీమీటర్ల మందమున్న రెక్క 75 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వంగితే వీపు ఒక శాతం సాగుతుంది, పొట్ట ఒక శాతం కుంచించుకుంటుంది. వినడానికి అల్పంగా ఉన్నా, చాలా జాతుల కలప ఆ హద్దు చేరకముందే వంపును శాశ్వతంగా పట్టేసుకుంటుంది. ఇక్కడే చెక్కేవాడి చేతిలో ఒక వెసులుబాటు ఉంది. వెడల్పు రెట్టింపైతే విల్లు బిగువు రెట్టింపే అవుతుంది కానీ, మందం 10 శాతం పెరిగినా బిగువు 33 శాతం పెరుగుతుంది, ఎందుకంటే బిగువు మందపు ఘనాన్ని అనుసరిస్తుంది. దీన్ని తిప్పి వాడుకుని, వెడల్పును రెట్టింపు చేసి మందాన్ని సుమారు 21 శాతం తగ్గిస్తే బిగువు మారదు, అదే వంపులో పోగుల మీద పడే వికృతి, అంటే అవి సాగే లేదా కుంచించుకునే శాతం, మాత్రం 21 శాతం తగ్గుతుంది. యాష్, మేపుల్, ఓక్ వంటి మధ్యస్థపు కలపలను వెడల్పుగా, చదునుగా చెక్కడం ఇందుకే. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురదనేలలో దొరికిన, సుమారు 9,000 ఏళ్ల నాటి ఎల్మ్ విళ్ళ రెక్కలు కూడా వెడల్పుగా, చదునుగానే ఉన్నాయి. సూత్రం రాసుకోని కాలంలోనే చేతికి ఆ లెక్క తెలిసింది.

యూ కర్ర మాత్రం ఇరుకుగా, మందంగా చెక్కినా ఓర్చుకుంటుంది. దాని బిరుసు, బలంతో పోలిస్తే తక్కువ. పైగా దుంగ లోపలి ఎర్రగోధుమ రంగు చేవ నొక్కుడును బాగా తట్టుకుంటుంది, బెరడు కింది తెల్లని కలప లాగుడును బాగా తట్టుకుంటుంది. తెల్ల కలప వీపుగానూ చేవ పొట్టగానూ వచ్చేటట్టు బద్దను తీస్తే అతుకు పెట్టనక్కరలేని జోడు దొరుకుతుంది. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన, ఓట్జీ అని పిలిచే 5,000 ఏళ్ల నాటి మనిషి వద్ద చెక్కడం పూర్తికాని 1.82 మీటర్ల యూ విల్లు ఉంది. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లిష్ యుద్ధనౌక మేరీ రోజ్ శిథిలాల నుంచి వందకు పైగా యూ విళ్ళు చెక్కుచెదరకుండా లభించాయి. ఇంగ్లండ్‌కు ఈ కర్ర ఎంత అవసరమైందంటే, విదేశీ సరుకు తెచ్చే వర్తకులు ప్రతి టన్నుకు నాలుగు వింటిబద్దలు కూడా తేవాలని 1472లో చట్టమే చేశారు. ఈ చెట్టు ఆకులు, గింజలు, కలప విషపూరితమని, దాని పొడి పీల్చకూడదని ఇక్కడే చెప్పి ఉంచడం మంచిది.

యూ, పైన్ వంటి, సూదుల్లా సన్నని ఆకులుండే శంకువృక్షాల సంగతి వేరు, ఎల్మ్, యాష్, ఓసేజ్ ఆరెంజ్ వంటి ఆకురాల్చే చెట్ల సంగతి వేరు. ఈ రెండో తెగ చెట్లు ఏటా పెరుగుదల మొదట్లో పెద్ద పెద్ద నాళాలతో బోలుగా ఉండే పొరను, ఆ తరువాత దట్టమైన పొరను వేస్తాయి. బలం ఆ దట్టమైన పొరదే. కనుక వీటిలో కోసిన దుంగ కొన మీద దట్టమైన పొర వెడల్పుగా, బోలు పొర గీతలా కనిపించాలి. వార్షిక వలయాలు మరీ ఇరుకైతే బోలు పొరల వాటా పెరిగి కర్ర పేలవమవుతుంది. శంకువృక్షాల్లో ఇది తలకిందులై, నెమ్మదిగా పెరిగి వలయాలు దగ్గరపడిన కలపే సాధారణంగా దట్టంగా ఉంటుంది. వలయాలు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని అన్ని కర్రలకూ కలిపి చెప్పే మాట అందుకే చెల్లదు.

ఓసేజ్ ఆరెంజ్‌లో బెరడును, దాని కింది పలుచని తెల్ల కలపను పూర్తిగా తీసివేసి, చేవలోని ఒకే ఒక్క వలయం ఈ కొన నుంచి ఆ కొన దాకా వీపుగా నిలిచేటట్టు చెక్కుతారు. రెండు పిడులున్న కత్తిని రెండు చేతులతో తన వైపు లాగుతుంటే దట్టమైన పొర పొడవాటి రిబ్బన్లుగా లేస్తుంది. బోలు పొర తగలగానే కత్తి కింద కరకరమని శబ్దం వస్తుంది, రిబ్బను పొట్టుపొట్టుగా రాలిపోతుంది. ఆ పొట్టును గీకేస్తే కింద నున్నని, మెరిసే పసుపు తలం బయటపడుతుంది. అదే కావలసిన వీపు. ముడి ఉన్నచోట వలయం గుట్టలా ఉబ్బితే ఆ గుట్టను అలాగే వదలాలి, చదును చేయాలని చూస్తే పోగులు తెగిపోతాయి. ఎల్మ్, హికరీ, యాష్‌లలో ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే వాటి తెల్ల కలప కూడా వీపుగా పనికివస్తుంది. బెరడును జాగ్రత్తగా ఒలిస్తే కింద తెగని వలయం సిద్ధంగా ఉంటుంది.

చెట్టు నిలిచి ఉండగానే సగం పరీక్ష ముగించవచ్చు. బెరడు మీది గాళ్ళు కాండం చుట్టూ వడి తిరిగి ఉంటే లోపలి పోగులు కూడా అలాగే తిరిగి ఉంటాయని అనుమానించాలి. అలాంటి కర్రను చీలిస్తే బద్ద మెలికపడి వస్తుంది. వాలి పెరిగిన చెట్టులో కలప ఒక పక్కన అసహజంగా తయారవుతుంది. ఆకురాల్చే చెట్లలో వాలుకు పై వైపున, శంకువృక్షాల్లో కింది వైపున ఏర్పడే ఈ కలప ఎండేటప్పుడు మామూలు కలప కంటే ఎక్కువగా పొడవు తగ్గి, బద్దను వంకర తిప్పుతుంది. అయితే నొక్కుడుకు గట్టిగా నిలిచే శంకువృక్షపు కలపను కావాలనే వెతికి వాడినవారూ ఉన్నారు: ఉత్తర యూరప్ సామీ ప్రజలు అలాంటి పైన్ కలపను పొట్టకు, బర్చ్‌ను వీపుకు పెట్టి అతికించేవారు. ఇక కాండం మరీ సన్నదైతే వీపు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, లాగుడంతా ఆ ఇరుకైన శిఖరం మీదే పడుతుంది. లాగుడుకు గట్టిగా నిలిచే జాతులకు అది ఇబ్బంది కాకపోగా పొట్టకు ఊరట కూడా. వీపు బలహీనమైన జాతులకు మాత్రం లావు కాండమే క్షేమం.

దుంగను రంపంతో కోయడం కంటే చీలలు కొట్టి చీల్చడం మేలు, ఎందుకంటే చీలిక పోగుల దారినే పోతుంది, రంపం తన దారిన తాను పోతుంది. పోగుల వాలు ఎంత నష్టం చేస్తుందో కొలిచి చూసిన అంకెలు ఉన్నాయి. పోగులు బద్ద పొడవుకు 20కి 1 వాలుతో ఉంటే వంపులో విరిగే బలం సుమారు 93 శాతానికి, 10కి 1 అయితే 81 శాతానికి, 5కి 1 అయితే 55 శాతానికి తగ్గుతుంది. హఠాత్తు దెబ్బను తట్టుకునే శక్తి ఇంకా వేగంగా పడిపోయి, 10కి 1 వాలులోనే సుమారు 62 శాతం మిగులుతుంది. కోసిన పలక నుంచే విల్లు చేయవలసివస్తే ఈ అంకెలను మనసులో ఉంచుకుని, పలక వెడల్పు మీద, పక్క మీద రెండు చోట్లా గీతలు ఒక కొన నుంచి రెండో కొనకు పక్కకు జారకుండా పోతున్నాయా అని చూడాలి. వెడల్పు మీద తిన్నగా కనిపించి, పక్క మీద వాలుగా జారే పలకలే ఎక్కువమందిని మోసం చేస్తాయి. నమ్మకం చాలని పలక వీపుకు పలుచని వెదురు బద్దను అతికించడం పాత ఉపాయమే. వెదురులో పోగులు బయటి పొర దగ్గరే దట్టంగా ఉంటాయి కనుక లాగుడు భారం అది మోస్తుంది. పశ్చిమ ఉత్తర అమెరికాలో జూనిపర్ విళ్ళ వీపుకు జంతువుల స్నాయువుల (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళ) పోగులను అతికించింది కూడా అందుకే.

మంచి దుంగను పాడుచేసేది ఎక్కువసార్లు ఆరబెట్టడంలోని తొందరే. నీరు పోగులకు అడ్డంగా కంటే పోగుల వెంట ఎన్నో రెట్లు వేగంగా కదులుతుంది, కాబట్టి కొనలు ముందు ఎండి కుంచించుకుని నెర్రెలు పడతాయి. దుంగను నరికిన రోజే కోత కొనలకు మైనమో, జిగురో, పెయింటో దట్టంగా పట్టించాలి. చెట్టు చురుగ్గా పెరిగే కాలంలో నరికితే బెరడు చేతికి ఒలుచుకు వస్తుంది, అయితే అప్పుడు బయటపడ్డ తలానికి కూడా పూత వేయకపోతే అది పగులుతుంది. దుంగను చీల్చి, నీడలో గాలి ఆడేచోట నేలకు తగలకుండా పేర్చాలి.

పచ్చికర్రలో కణాల లోపలి ఖాళీల్లో ఉన్న నీరు పోయేంతవరకు బలంలో మార్పు ఉండదు. తడి సుమారు 28 శాతం కంటే తగ్గినప్పటి నుంచి కణాల గోడల్లోని నీరు పోవడం మొదలై కలప బిగుస్తుంది. 12 శాతానికి చేరేసరికి నొక్కుడును తట్టుకునే బలం పచ్చికర్రలో ఉన్నదానికి సుమారు రెట్టింపవుతుంది, లాగుడు బలం అంతగా మారదు. తడి మిగిలిన విల్లు వంపు పట్టి మందగించడానికి, మరీ ఎండిన విల్లు పెళుసై విరగడానికి మూలం ఇదే. చాలా జాతులకు 8 నుంచి 10 శాతం తడి సరిపోతుంది. హికరీ ఇంకాస్త పొడిగా ఉంటేనే చురుగ్గా పనిచేస్తుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్న గదిలో కర్ర దానంతటదే 9 శాతం దగ్గర ఆగుతుంది.

దీన్ని తెలుసుకోవడానికి పరికరం లేకపోయినా ఇబ్బంది లేదు. అదే బద్ద నుంచి, కొనకు కాస్త దూరంగా ఒక ముక్కను కోసి తూచాలి, 103 డిగ్రీల సెల్సియస్ వేడిలో బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టి మళ్ళీ తూచాలి. మొదట 109 గ్రాములున్నది 100 గ్రాముల దగ్గర ఆగితే తడి 9 శాతమని అర్థం. ముక్క కోయడానికి కర్ర చాలకపోతే బద్దను విల్లు ఆకారానికి దగ్గరగా, కాస్త మందంగా చెక్కి ఉంచి వారానికొకసారి తూస్తూ పోవచ్చు. వరుసగా కొన్ని వారాలు బరువు మారకపోతే పొట్ట వైపు చెక్కడం కొనసాగించి, మొదట కొద్ది అంగుళాలు మాత్రమే వంచి రెండు రెక్కలూ సమానంగా వంగుతున్నాయో లేదో చూసుకోవచ్చు.