ట్రక్కుకి డిష్ కొంటున్నారా? కార్డు గీకేముందు ఇది చదవండి

డాలస్ పక్కన ట్రక్కులకి, ఆర్వీలకి (ఇల్లులా ఉండే బళ్లకి) శాటిలైట్ డోమ్‌లు, అంటే గుండ్రటి మూతలో ఉండే చిన్న టీవీ డిష్‌లు, బిగించే పని నాది. మనవాళ్లు ట్రక్కింగ్‌లోకి వచ్చాక షాపులో తెలుగు కూడా వినపడుతోంది, సంతోషమే, కానీ వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో అప్పటికే సీల్ విప్పిన అట్టపెట్టె ఉంటుంది. "అన్నా, ఆఫర్‌లో వచ్చిందని కొనేశా, నువ్వు బిగించెయ్, కనెక్షన్ ఏది చీప్‌గా ఉంటే అది తీసుకుంటా." ఈ మాట విని విని విసుగొచ్చి రాస్తున్నా.

అపోహ: డోమ్ ఏదైనా ఒకటే, ముందు కొనేసుకుని కనెక్షన్ తర్వాత చూసుకోవచ్చు

కాదు బాబూ. ముందు కంపెనీ, తర్వాత రీసీవర్, ఆఖర్న డోమ్. ఇది తలకిందులు చేస్తే చెప్పులు కొన్నాక కాలు వెతుక్కున్నట్టే.

ఈ అపోహ ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఊళ్లో ఒక కంపెనీ గొడుగుని కాస్త అటు తిప్పి ఇంకో కంపెనీ బాక్స్ పెడితే బొమ్మ వచ్చేది, ఎందుకంటే అక్కడ డీటీహెచ్ అందరిదీ కేయూ బ్యాండే (బ్యాండ్ అంటే సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీల వరుస). ఇక్కడ అలా లేదు. డిష్ నెట్‌వర్క్ కంపెనీ వాడి వెస్టర్న్ ఆర్క్ (పడమటి వైపు) శాటిలైట్లు 110, 119, 129 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల్లో ఉంటాయి, అంతా కేయూ బ్యాండే, అందుకే హెచ్‌డీ కూడా చిన్న డోమ్‌లో దొరుకుతుంది. ఇంకో కంపెనీ డైరెక్ట్ టీవీ వాడు హెచ్‌డీని 99, 103 డిగ్రీల నుంచి కేఏ బ్యాండ్‌లో పంపిస్తాడు. మీరు కొనే బుల్లి డోమ్‌లకి ఆ బ్యాండ్ అందదు, 101 దగ్గరున్న మామూలు ఎస్‌డీ మాత్రమే అందుతుంది. డైరెక్ట్ టీవీలో హెచ్‌డీనే కావాలంటే ఇంటి మీద పెట్టే సైజు డిష్ ఉండాలి, చాలామంది దాన్ని ట్రైపాడ్ మీద పెట్టి చేత్తో తిప్పుకుంటారు. పొద్దంతా నడిపొచ్చి రాత్రిపూట చలిలో ఆ పని ఎవడు చేస్తాడు?

ఇంకో సంగతి, టైల్‌గేటర్, ప్లేమేకర్ లాంటి డోమ్ మోడళ్లు డిష్ నెట్‌వర్క్ కోసమే చేసినవి, ఇంకోదానికి పనికిరావు. క్యారీఅవుట్ లాంటివి రెండిటికీ పనిచేస్తాయి గానీ డైరెక్ట్ టీవీకి పెడితే మళ్లీ ఎస్‌డీనే. సరే డిష్ నెట్‌వర్కే అనుకున్నారు, అక్కడితో అయిపోయిందా అంటే లేదు, రీసీవర్ కూడా చూసుకోవాలి. ఈ డోమ్‌లు వాలీ, 211 సిరీస్ బాక్సులతో నడుస్తాయి. ఇంట్లో ఉన్న హాపర్ బాక్స్ పీక్కొచ్చి పెడతానంటే నడవదు.

పోయిన చలికాలం ఖమ్మం వైపు కుర్రాడొకడు వచ్చాడు, ఫ్లాట్‌బెడ్ నడుపుతాడు. ఇంట్లో డైరెక్ట్ టీవీ, చేతిలో డిష్ నెట్‌వర్క్‌కి మాత్రమే పనికొచ్చే డోమ్. అమ్మినవాడికి ఫోన్ చేస్తే సీల్ విప్పావు కాబట్టి వాపసు తీసుకోం అన్నాడంట. నాలుగైదు వందల డాలర్ల సామాను. మొహం చూస్తే జాలేసింది, కొత్తగా ట్రక్కు కొని ఇన్‌స్టాల్‌మెంట్లు కడుతున్నవాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, తమ్ముడూ నీకు మిగిలింది ఒకటే దారి, సెకండ్‌హ్యాండ్‌లో ఒక వాలీ వెతుక్కో, నెలవారీ ప్లాన్ తీసుకో, ఇంటికెళ్లిన నెల ఆపేసుకో అని చెప్పా. ఏడాది కాంట్రాక్ట్ లేకుండా అలా నెలకి నెల తీసుకునే ప్లాన్ డిష్ వాళ్ల దగ్గర ఉంది, ఆ సంగతే చాలామందికి తెలీదు.

అపోహ: బంక్ (ట్రక్కులో పడుకునే మంచం) నెత్తి మీద డిష్ ఉంటే రేడియేషన్

ఇది డ్రైవర్లు అడగరు, ఇంటి దగ్గర ఉన్నవాళ్లు అడుగుతారు. ఒక చెల్లెమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, ఆయనకి ఈ మధ్య తలనొప్పి అంటున్నారు, నిద్రపోయేది సరిగ్గా దాని కిందే కదా, తీయించేయమంటారా" అని అడిగింది. ఎవరో వాట్సాప్‌లో పంపారంట. అమ్మా, టీవీ డోమ్ ఏమీ పంపదు, పైనుంచి వచ్చే సిగ్నల్ పట్టుకోవడమే దాని పని, అది ఉన్నా లేకపోయినా ఆ సిగ్నల్ మన నెత్తిన పడుతూనే ఉంటుంది. తలనొప్పికి ముందు కళ్లు చూపించుకోమనండి, నిద్ర సంగతి చూడమనండి అన్నా. ఆవిడ భయపడటంలో తప్పులేదు, మొగుడు వేల మైళ్ల అవతల ఉంటే ప్రతిదీ భయమే. అలాంటివి ఫార్వర్డ్ చేసేవాళ్లని అనాలి.

అపోహ: ట్రక్కు నడుస్తున్నప్పుడు కూడా బొమ్మ రావాలంటే మామూలు డోమ్ చాలు

చాలదు. మామూలు డోమ్ బండి ఆగాక శాటిలైట్‌ని వెతుక్కుని లాక్ అవుతుంది, కదిలితే పోతుంది. నడుస్తుండగా పట్టుకుని ఉండేవి వేరే, రోడ్‌ట్రిప్ అనే మోడల్ లాంటివి, రేటు కూడా వేరే. అసలు మీకు అది ఎందుకు? నడిపేవాడికి టీవీ కనపడకూడదని ఫెడరల్ రూలే ఉంది, 393.88, తెర డ్రైవర్ సీటు వెనక ఉండాలి, నడిపేటప్పుడు కంటికి కనపడకూడదు. ఒకడు నడుపుతుంటే ఇంకొకడు బంక్‌లో ఉండే టీమ్ డ్రైవర్లకైతే సరే. ఒంటరిగా నడిపేవాళ్లు లెక్క వేసుకోండి, రూలు ప్రకారం తీసుకునే 10 గంటల బ్రేక్‌లో నిద్ర, స్నానం, తిండి పోను టీవీకి మిగిలేది రెండు మూడు గంటలు. నిజంగా టీవీ కావాల్సొచ్చేది 34 గంటల రీస్టార్ట్‌లో, అంటే వారం గంటల లెక్క మళ్లీ మొదలవడానికి తీసుకునే పెద్ద విరామంలో, అప్పుడు బండి ఎలాగూ కదలదు.

అపోహ: డోమ్ పాడైంది, సిగ్నల్ రావట్లేదు

పది ఫోన్లలో తొమ్మిదింటికి డోమ్ బాగానే ఉంటుంది, బండి పెట్టిన చోటే తేడా. శాటిలైట్లన్నీ దక్షిణం వైపే, భూమధ్యరేఖ మీదుగా ఉంటాయి. డాలస్‌లో నిలబడి 119 దగ్గరున్న శాటిలైట్‌ని చూడాలంటే నైరుతి వైపు, దాదాపు 45 డిగ్రీల ఎత్తులో. 45 డిగ్రీలంటే లెక్క సులువు, అడ్డం ఎంత ఎత్తుంటే అంత దూరం జరగాలి. పక్కన ఆగిన ట్రెయిలర్ 13 అడుగుల 6 అంగుళాలు, డోమ్ నేల మీద పెట్టారనుకోండి, దానికి కనీసం అంత దూరంలో ఉండాలి. అదే మెయిన్ రాష్ట్రంలో బాంగర్ దాకా వెళ్తే 119 అక్కడ 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అదే ట్రెయిలర్‌కి దాదాపు 40 అడుగులు జరగాలి, 129 అయితే 12 డిగ్రీలే, చెట్ల వెనకే ఉండిపోతుంది. టెక్సస్‌లో బ్రహ్మాండంగా వచ్చింది, ఇక్కడ రావట్లేదు, నువ్వు సరిగ్గా బిగించలేదు అని నన్ను తిట్టేవాళ్లందరూ ఫోన్ చేసేది ఆ చివర్నుంచే. అటే ఎక్కువ తిరిగేవాళ్లు ఈస్టర్న్ ఆర్క్ (డిష్ నెట్‌వర్క్ వాడి తూర్పు వైపు శాటిలైట్లు) కూడా పట్టే డోమ్ అడిగి తీసుకోండి, 61.5, 72.7 అటువైపు కాస్త పైకి కనిపిస్తాయి.

క్యాబ్‌కీ ట్రెయిలర్‌కీ మధ్య ప్లేట్ మీద పెడతామంటారు కొందరు, దొంగలు ఎత్తుకెళ్లరని. దొంగల సంగతేమో గానీ ట్రెయిలర్ వీపు దక్షిణానికి ఉంటే సిగ్నల్ సున్నా. ముక్కు దక్షిణానికి పెడితే స్లీపర్, అంటే క్యాబ్ వెనక పడుకునే గది, అడ్డం. స్లీపర్ వెనక గోడకి బ్రాకెట్ వేసి పైకి లేపడమే నేను చేసేది, అది కూడా మొత్తం ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు దాటకుండా. చాలా రాష్ట్రాల్లో లిమిట్ అదే, దాటితే ఫైన్ కంటే ముందు తక్కువ ఎత్తు బ్రిడ్జి గుర్తుకు రావాలి. అంతేగానీ డోమ్ ఉందని డీఓటీ (రవాణా శాఖ) వాళ్లు పట్టుకుంటారన్నది ఉత్త పుకారు, గట్టిగా బిగించి ఉండి, ఎత్తు సరిపోతే చాలు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

లోకల్ చానళ్లు మీతోపాటు దేశమంతా రావు. అవి స్పాట్ బీమ్‌లో ఆ చుట్టుపక్కలకే పంపిస్తారు, దాటితే పోతాయి, అడ్రస్ మార్పించుకుంటే కొత్త ఊరివి వస్తాయి. బండిలో వేరే పార్ట్ కొననక్కర్లేదు.

విండ్‌షీల్డ్ వెనకాల డ్యాష్ మీద పెట్టి పట్టుకోవాలని చూడకండి. గట్టి వానొస్తే కాసేపు పోతుంది, ఎంత ఖరీదైనదైనా పోతుంది. డోమ్ మీద మంచు పేరుకుంటే తుడవండి, గీరకండి.

స్టార్‌లింక్ పెట్టుకుంటే చానళ్లు ఫ్రీగా వస్తాయని ఒకాయన బల్లగుద్ది చెప్పాడు. అది ఇంటర్నెట్ మాత్రమే, చానళ్లకి విడిగా కట్టాలి. కానీ నిజం చెప్పాలంటే తెలుగు చానళ్ల కోసమే అయితే అసలు డోమ్ కొనొద్దనే చెప్తా, అది నా వ్యాపారానికి నష్టమైనా సరే. స్లింగ్, యప్ టీవీ లాంటి యాప్‌లలో ఫోన్ డేటాతో చూసేయొచ్చు. డోమ్ ఎవరికంటే, మోంటానా, వయోమింగ్ లాంటి సెల్ టవర్ అందని చోట్ల రాత్రులు గడిపేవాళ్లకి, ఫుట్‌బాల్ లైవ్ పిచ్చి ఉన్నవాళ్లకి.

ఆఖరిది, "200 మైళ్ల రేంజ్, జీవితాంతం ఫ్రీ" యాంటెన్నా యాడ్లు. ఓవర్ ది ఎయిర్ (టీవీ టవర్ నుంచి నేరుగా గాల్లో వచ్చే) చానళ్లు నిజంగానే ఫ్రీ, దాన్ని నేను కాదనను, కానీ భూమి గుండ్రంగా ఉంది, 60, 70 మైళ్లు దాటాక టవర్ కనపడదు. 30, 40 డాలర్లది కొనుక్కుని ఆగిన చోటల్లా చానల్ స్కాన్ కొట్టుకోండి. ఆ ఖమ్మం కుర్రాడు చివరికి డోమ్ వేరే డ్రైవర్‌కి అమ్మేసి ఇదే పెట్టించుకున్నాడు, ఊళ్ల దగ్గర ఆగితే వార్తలు, వాతావరణం బాగానే వస్తున్నాయంటున్నాడు.